సెరాఫిమ్ పీపాలోని ఎర్ర వైన్

గుతుయెని గ్రామంలో వైన్ చెడిపోయిన దాఖలా ఇంతవరకూ లేదు. మొల్దోవాలోని తక్కిన ఊళ్ళలో అప్పుడప్పుడు పీపాలు పులుస్తాయనీ, బూజు పడతాయనీ వింటూంటాం. గుతుయెనిలో మాత్రం ప్రతి ఇంటి నేలమాళిగలోనూ ఉన్నది ఊళ్ళోకెల్లా శ్రేష్ఠమైన వైనే. అన్ని ఇళ్ళలోదీ అన్నిటికంటే శ్రేష్ఠమైనది ఎలా అవుతుందని అడిగినవాడు ఇంకా పుట్టలేదు. పుట్టినా ఆ ఊళ్ళో పుట్టడు.

ఈ సంప్రదాయానికి సెరాఫిమ్ ఒక మూలస్తంభం. ఏటా ఆకురాలే కాలంలో పెరటి పందిరి మీది నల్లద్రాక్ష కోసి, కాళ్ళు కడుక్కున్నాననిపించి, తొక్కి, తాతగారి నాటి ఓక్ పీపాలో పోసేవాడు. రోజూ రుచి చూడటానికి అడ్డమని బిరడా బిగించేవాడు కాదు. క్రిస్మస్ నాటికి పీపా సగమయ్యేది. మిగతా సగం గాలి సోకి, ఈస్టర్ నాటికి పళ్ళు జివ్వుమనిపించే స్థాయికి ఎదిగేది. అతని అభిప్రాయంలో అది ఘాటు.

వడ్డనకు ఒక పద్ధతి ఉంది. అతిథిని నేలమాళిగలోకి దింపాలి. ఎందరున్నా గ్లాసు ఒక్కటే. మొదట ఇంటాయన తాగి, ఆ గ్లాసే నింపి పక్కవాడికివ్వాలి. తాగినవాడు కాసేపు కళ్ళు మూసుకుని, ఆ తర్వాత మెచ్చుకోవాలి. సెరాఫిమ్ ఇంట్లో కళ్ళు మూసుకోమని ఎవరికీ చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు.

అలాంటి ఇంటికి కూతురు దొమ్నికా తాను పెళ్ళాడదలచినవాణ్ణి తీసుకొచ్చింది. పేరు మారిన్. పట్నంలో పళ్ళ డాక్టరు. దొమ్నికాకు జ్ఞానస్నానం చేయించిన పెద్దమనిషీ, ఊరి మేయరూ అయిన పంతెలిమోన్ కూడా వచ్చాడు. సెరాఫిమ్ భార్య అగాఫియా గొర్రె జున్ను పెట్టి కాల్చిన రొట్టెలు పళ్ళెంలో పట్టుకుని కిందికి దిగింది. గ్లాసు మేయరు చేతి నుంచి మారిన్ చేతికొచ్చింది. కుర్రాడు గుక్కెడు తాగాడు. కళ్ళు తెరిచే ఉంచాడు.

"మామయ్యా, ఇది వెనిగర్," అన్నాడు.

దొమ్నికా అతని మోచేతిని గిల్లింది. మేయరు గొంతు సవరించుకున్నాడు. వైన్ అనేది పూర్వీకుల రక్తమనీ, నాలుక ఒక తరానిదైతే పీపా నాలుగు తరాలదనీ, వాటి మధ్య తగాదా వస్తే ఎవరి పక్షాన నిలవాలో గుతుయెని ప్రజలకు బాగా తెలుసనీ చక్కగా ప్రసంగించి, ఆ ఉద్వేగంలో గ్లాసు నింపించుకోవడం మరచిపోయాడు.

మర్నాడు పొద్దున్నే సెరాఫిమ్ ఒక్కడే కిందికి దిగాడు. ఒక గ్లాసు పట్టాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కళ్ళు తెరిచి తాగాడు. దవడలు బిగుసుకుపోయాయి. పైకొచ్చి, ఎవరూ వినకుండా మారిన్‌ను పక్కకు పిలిచి, ఏం చెయ్యమంటావని అడిగాడు. కుర్రాడు పీపా కన్నానికి ముక్కు ఆనించి వాసన చూశాడు.

"చెక్కలోకే దిగిపోయింది మామయ్యా. కడిగితే పోదు. పొయ్యిలో పెట్టుకోండి."

తాతగారి పీపాను సెరాఫిమే గొడ్డలితో చీల్చాడు. అగాఫియా ఆ చెక్కలమీదే మొక్కజొన్న ముద్ద వండింది. ఆ వేసవిలో పెళ్ళి జరిగింది. ద్రాక్ష పండే వేళకు కొత్త పీపా వచ్చింది. సెరాఫిమ్ దాన్ని సలసల కాగే నీళ్ళతో కడిగాడు, బూజు పట్టకుండా లోపల గంధకం వత్తి వెలిగించాడు, వైన్‌ను అంచుదాకా నింపి బిరడా దిగగొట్టాడు. చలికాలమంతా నేలమాళిగ మెట్ల దగ్గర తచ్చాడాడే కాని చెయ్యి పెట్టలేదు. ఈస్టర్ నాడు తెరిచి ఒక గుక్క తాగితే చెర్రీపండు వాసన వేసింది. నాలుకను ఏమీ అనకుండా గొంతులోకి జారిపోయింది. ఆ మనిషికి కళ్ళనీళ్ళు వచ్చాయి.

వెంటనే మేయరుకు, ఇరుగుపొరుగుకు కబురు పెట్టాడు. అందరూ దిగారు. గ్లాసు తిరిగింది. అందరూ యథావిధిగా కళ్ళు మూసుకున్నారు. ఎప్పటిలాగే అమోఘమన్నారు.

సెరాఫిమ్ ఆగలేకపోయాడు. ఎప్పటిలాగా కాదనీ, ఇన్నేళ్ళూ తాను పోసింది వట్టి వెనిగరనీ, వైన్ అంటే ఇదేననీ చెప్పేశాడు.

మేయరు ముఖం కందగడ్డయింది. "బావా, నీ పాత వైన్ ఈ ఊరికి గర్వకారణం. దాన్ని వెనిగర్ అనడానికి నువ్వెవరు? మాకు నాలుకల్లేవనా నీ ఉద్దేశం?"

పొరుగువాళ్ళు కూడా పాత వైన్ పక్షమే వహించారు. ఎవరో దాని ఘాటును తలచుకుని నిట్టూర్చారు. సెరాఫిమ్ దిక్కుతోచక అల్లుడివైపు చూశాడు. మారిన్ అప్పటికి ఆ ఊళ్ళోనే ఆసుపత్రి తెరిచాడు. అక్కడ నిలబడ్డవాళ్ళ పళ్ళమీదే అతని బతుకు ఆధారపడి ఉంది.

"పాతదానికీ ఓ రుచి ఉండేది లెండి," అన్నాడు మారిన్, గ్లాసులోకి చూస్తూ.

ఆ మాటతో కుర్రాడు ఊరివాడైపోయాడు. మేయరు అతన్ని కౌగిలించుకున్నాడు.

అందరూ వెళ్ళాక అగాఫియా ఖాళీ పళ్ళెం తీసుకుపోవడానికి వచ్చింది. పాత పీపా పోయాక మిరపకాయలు ఊరబెట్టడానికి వెనిగర్ కొట్లో కొనుక్కోవాల్సి వస్తోందని విసుక్కుంది.

సెరాఫిమ్ నోరు తెరిచాడు. "అంటే... నీకు తెలుసా?"

"తెలీకేం? ఏటా ఊరగాయ దాంతోనే పెట్టాను."

"మరి నాతో ఒక్కసారైనా అనలేదేం?"

"నా వంట గురించి నువ్వెప్పుడైనా అన్నావా?" అంది అగాఫియా.

సెరాఫిమ్ గ్లాసు నింపి భార్యకిచ్చాడు. ఆమె నిదానంగా తాగింది. ఎలా ఉందని అడిగాడు. చాలా బాగుందని ఆమె చెప్పింది. అతను ఆ ముఖంలోకి ఎంతసేపు చూసినా నిజమో అబద్ధమో తేలలేదు.

ఆ దంపతులది ఆదర్శ కాపురమని గుతుయెనిలో అందరూ చెప్పుకుంటారు. మన కాపురాల గురించి కూడా మన ఊళ్ళలో అలాగే చెప్పుకుంటారు.