మంగళవారం కన్య

ఆ శుక్రవారం పొద్దున వీరలక్ష్మి పెట్టుకున్న పని ఒక్కటే, ఎండ ముదరకముందే మేడమీద గుమ్మడి వడియాలు పెట్టేయడం. ఆమె భర్త బసవపున్నయ్యకు గుడివాడలో రెండు బియ్యం మిల్లులున్నాయి. ఎవరో సభ్యుడు పోతే వచ్చిన ఉపఎన్నికలో నెగ్గి, కేంద్ర శాసనసభకని ఆయన ఢిల్లీ వెళ్ళి రెండు నెలలైంది. ఆ సభకు మిగిలిన ఆయుష్షు వారం రోజులు కూడా లేదు.

చేతికి పిండి ఉండగానే తంతి వచ్చింది. తంతి అంటే చావుకబురే అని ఊరంతా నమ్మే కాలం అది. మిల్లు గుమాస్తా వెంకటసుబ్రహ్మణ్యం కళ్ళజోడు సర్దుకుని చదివాడు.

"మెయిడెన్ ట్యూస్‌డే. వెరీ నెర్వస్. ప్రే."

"తెలుగులో చెప్పండి పంతులుగారూ!"

ఆయనకు ఇంగ్లీషు వచ్చు. కాకపోతే నిఘంటువులో ఉన్నంతవరకే వచ్చు. లోపలికెళ్ళి చూసుకుని వచ్చి, తలెత్తకుండా చెప్పాడు. "మెయిడెన్ అంటే కన్య అండి. మంగళవారం కన్య. చాలా కంగారుగా ఉందట. మిమ్మల్ని దేవుడికి దణ్ణం పెట్టుకోమన్నారు."

వీరలక్ష్మి కూలబడిపోయింది. ఇరవై రెండేళ్ళ కాపురం! "కంగారుండదూ మరి, ఏభై దాటాక పెళ్ళంటే!"

కబురందుకుని గుడ్లవల్లేరు నుంచి ఆమె అన్న బాలస్వామి ఊడిపడ్డాడు. "మంగళవారం ముహూర్తమేంటే? మనవైపు ఆ రోజు సంబంధం కూడా మాట్లాడరు."

"ఢిల్లీలో ఆ పట్టింపు లేదేమోనండి," అన్నాడు గుమాస్తా.

"అయితే దొరసానే!" అని బాలస్వామి తేల్చేశాడు.

మధ్యాహ్నానికి ఆ దొరసాని మిల్లులో వైస్రాయి మేనకోడలైంది. ధాన్యం తెచ్చిన పెదపారుపూడి రైతులు, ఆసామి మతం కూడా మార్చుకున్నాడని విని, బండ్లు వెనక్కి తిప్పుకుపోయారు. పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళతో అరుగు నిండిపోయింది. వీరలక్ష్మి ఏడవాలో, వచ్చినవాళ్ళకు మజ్జిగ ఇవ్వాలో తెలియక రెండూ చేసింది.

చివరికి బాలస్వామే ఉపాయం చెప్పాడు. "మంగళవారం నాటికి బావ అక్కడ ఉండకూడదు. అంతే."

గుమాస్తా తంతి రాశాడు. "వైఫ్ సీరియస్. స్టార్ట్." అమ్మగారు నిజంగానే సీరియస్‌గా ఉన్నారు కాబట్టి ఇందులో అబద్ధమేమీ లేదని తన మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

మంగళవారం బసవపున్నయ్య జట్కా దిగేసరికి పదిన్నర. తిండీ నిద్రా లేక కళ్ళు పీక్కుపోయాయి. ఎదురుగా వీరలక్ష్మి గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

"బతికే ఉన్నావా!" అంటూ ఆయన అక్కడికక్కడే ఏడ్చేశాడు.

"ఆ కన్యెవరో ముందు చెప్పండి," అంది ఆమె, తనూ ఏడుస్తూ.

"కన్యేంటే?"

తంతి చూపించారు. ఆయన నుదురు కొట్టుకున్నాడు. "మెయిడెన్ స్పీచే! సభలో కొత్తవాడు మొట్టమొదట ఇచ్చే ఉపన్యాసాన్ని అలా అంటారు. స్పీచ్ అని విడిగా రాయాలా అనుకున్నాను. సయాం దేశం నుంచి చవక బియ్యం వచ్చిపడి మన మిల్లులు మూతపడుతున్నాయి, దాని మీద సుంకం వెయ్యండని ఇవాళ పదకొండింటికి అడగాలి. రేపటితో సభ ఆఖరు."

వీరలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది. భర్త మొహం చూసేసరికి మళ్ళీ ఉసూరుమంది. రెండు నెలలు కూర్చుని రాసుకున్న కాగితాలు ఆయన కోటు జేబులో నలిగిపోయి ఉన్నాయి.

"పదకొండవుతోంది. చదవండి, నేను వింటాను," అని చాప పరుచుకుని కూర్చుంది.

ఆయన గొంతు సవరించుకుని మొత్తం ఇంగ్లీషులోనే చదివాడు. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా కదల్లేదు. ఆఖర్న ఆయన తెలుగులో అడిగాడు.

"సుంకం వెయ్యాలా, వద్దా?"

"వెయ్యాల్సిందే!"

సయాం బియ్యం మీద సుంకం గుడివాడలో ఏకగ్రీవంగా నెగ్గింది.