తొమ్మిదో అంతస్తు నీడ

…అయినా మనిషంటే కొలత, అంతకు మించి ఏమీ కాదు, అనుకుంటున్నాడతను బస్సు కిటికీ పక్కన కూర్చుని. మేడ బొమ్మ పక్కన మనిషిని నిలబెట్టకపోతే అది మేడో అగ్గిపెట్టో తెలియదు. అందుకని నిలబెడతారు. ఆ మనిషికి పేరుండదు, ఆకలి ఉండదు, ఎవరికోసం ఎదురుచూస్తున్నాడో ఎవరూ అడగరు. తనని కూడా ఎవరో ఇలాగే ఈ బస్సులో పెట్టి ఉంటారు, కిటికీ ఎంత ఎత్తో తెలియడానికి.

అతని ఉద్యోగమే అది. ఆర్కిటెక్టు ఆఫీసులో, ఇంకా కట్టని భవనాల బొమ్మల్లో మనుషుల్ని పెట్టడం. ఎక్కడెక్కడివో ఫొటోల్లోంచి కంప్యూటరు మీద కత్తిరించి, వరండాల్లో, మెట్ల మీద, లిఫ్టుల ముందు అతికిస్తాడు. ఆఫీసులో అందరూ అతన్ని ‘జనాభా’ అంటారు. మొదట్లో వెక్కిరింతకే అన్నారు. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళు అదే అసలు పేరనుకుని ‘జనాభాగారూ’ అని గౌరవంగా పిలుస్తున్నారు.

ఆ ఉదయం అతని ప్లాను చాలా చిన్నది. సాయంత్రం ఆఫీసు కాగానే వదినగారింటికి వెళ్ళాలి. భార్యతో “ఇంటికి రా” అనాలి. అంతే.

ఆమె పోయిన నెల వాళ్ళ అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. పోట్లాట ఏమీ లేదు. ఉంటే దేన్ని సర్దుకోవాలో అతనికి తెలిసేది. “నేను వెళ్తున్నానని మీకు తెలియడం కోసమే ఈ సూట్‌కేసు. ఉత్త చేతులతో వెళ్తే వారం దాకా కనిపెట్టరు” అంది గుమ్మంలో. అతను సూట్‌కేసు బరువుగా ఉందా అని అడిగాడు. ఇప్పుడు ఆమె వేరే గది చూసుకుందట. ఆదివారం తాళం తీసుకుంటుందట. ఆ తర్వాత వెళ్ళి పిలిస్తే పిలుపులా ఉండదు, చుట్టపుచూపులా ఉంటుంది. ‘ఇంటికి రా’ అంటే హుకుంలా ఉంది. ‘వస్తావా’ అంటే రాకపోయినా ఫరవాలేదన్నట్టుంది. ‘వస్తే బాగుంటుంది’ అంటే వానగురించి అన్నట్టుంది.

ఆలోచన అక్కడిదాకా వచ్చేసరికి బస్సు మలుపు తిరిగింది. కొత్త అపార్టుమెంట్ల సైటు ముందు, మొన్నటిదాకా ఖాళీగా ఉన్న ఇనప చట్రం మీద హోర్డింగు నిలబడి ఉంది. అందులో, తొమ్మిదో అంతస్తు బాల్కనీలో, రెండు నిలువుల ఎత్తున, అతని భార్య.

పెట్టింది తనే. ఆ బాల్కనీ ఖాళీగా ఉండిపోయింది. ఆఫీసులో ఉన్న ఆడవాళ్ళ ఫొటోలన్నీ నవ్వుతున్నవే. కట్టని ఇంట్లో నిలబడి అంతగా నవ్వాల్సిందేముందో అతనికి అర్థం కాలేదు. అందుకని తన దగ్గరున్న ఆమె ఫొటో తీశాడు. సముద్రపు ఒడ్డున, ఒక చేతిలో మూసిన గొడుగు, రెండో చెయ్యి ఎండకి కళ్ళకి అడ్డం. కంప్యూటరులో ఆమె గోరంత ఉంది. గోరంత మనిషి తన పక్కన ఉంటే ఎవరికేం నష్టమనుకున్నాడు.

కానీ ఇప్పుడామె పక్కన ఒక మగాడున్నాడు. కాఫీ కప్పు పట్టుకుని, ఆమెవైపు వంగి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. వాణ్ణి అతనెరుగును. లోకంలోని ప్రతి అపార్టుమెంటు బొమ్మలోనూ వాడు ఉంటాడు. కానీ ఇక్కడ పెట్టింది తను కాదు.

“నేనే పెట్టాను సార్” అంది ఆఫీసులో పక్క టేబులు అమ్మాయి సంతోషంగా. “ప్రింటుకి పంపేముందు చూస్తే ఆవిడ ఒక్కతే నిలబడి ఉంది. జాలేసింది.”

అతను కుర్చీ లాక్కుని కూర్చునేలోగా ఫోను మోగింది. తోడల్లుడు.

“ఏం తమ్ముడూ! ఫ్లాటు కొన్నావట, మాతో ఒక్క మాటైనా అనలేదే?”

“ఎవరన్నారన్నయ్యా?”

“ఎవరనడమేంటి, మీ వదిన కళ్ళారా చూసొచ్చింది. మా మరదలు బాల్కనీలో నిలబడి ఉందట. సంతోషం. కానీ పక్కన కప్పు పట్టుకుని ఇకిలిస్తున్నాడే, వాడెవడు?”

“వాడెవడూ కాదు. ఊరికే ఉంటాడు.”

“పరాయివాళ్ళ బాల్కనీలో ఊరికే ఎలా ఉంటాడయ్యా?”

“వాడు అందరి బాల్కనీల్లోనూ ఉంటాడన్నయ్యా.”

“ఈ మాట నాతో అన్నావు సరే, మీ వదిన దగ్గర మాత్రం అనకు” అన్నాడు తోడల్లుడు గొంతు తగ్గించి.

“మీ మరదలు చూసిందా?”

“ఏమో మరి. పొద్దున్నే ఎటో వెళ్ళింది.”

ఇంకా చూసి ఉండదు, అనుకున్నాడతను. చూసేలోగా తీసేయాలి. అడగకుండా ఎత్తుకొచ్చి, ముక్కూ మొహం తెలియనివాడి పక్కన నిలబెట్టి, ఊరంతా చూసేలా వేలాడదీశాక, ఇక ఏ మొహం పెట్టుకుని ఇంటికి రమ్మంటాడు? నిజం చెబితే సొంత గొడవ ఆఫీసుదాకా తెచ్చినట్టవుతుంది. కాబట్టి ఆఫీసు యజమాని అయిన పెద్దాయన గదిలోకి వెళ్ళి ఒక చిన్న అబద్ధం ఆడాడు.

“సార్, ఆ తొమ్మిదో అంతస్తు ఆవిడ అభ్యంతరం చెప్పారు.”

పెద్దాయన కళ్ళజోడు తీశాడు. “ఆవిడకి నోరెక్కడిది? నువ్వు అతికించిన బొమ్మ కదా?”

“ఫొటో ఎవరిదో ఒకరిదే కదా సార్.”

“మరి మిగతావాళ్ళు?”

“వాళ్ళు కూడా… ఎవరో ఒకరే.”

పెద్దాయన మొహంలో రంగు పోయింది. “అంటే ఇన్నేళ్ళుగా నా మేడల్లో దారినపోయేవాళ్ళందర్నీ కాపురాలు పెట్టించావా? రేపు ఒక్కొక్కళ్ళూ వచ్చి గుమ్మంలో నిలబడితే? ఖాళీ చేయించు. అందర్నీ. ఇవాళే!”

ఖాళీ చేయించాడు. బెలూను పట్టుకున్న పిల్లాడు పోయాడు, కుక్క పోయింది, కప్పువాడు పోయాడు. వాడు పోతున్నప్పుడు కొంచెం హాయిగా కూడా అనిపించింది. భార్య మిగిలింది. మీట మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. మనిషి వెళ్ళిపోవడం ఇంత తేలికా, చప్పుడైనా ఉండదా అనుకున్నాడు. నొక్కాడు. చప్పుడు లేదు. ఆ దిగులులో ఆ వృత్తిలో ఉన్నవాళ్ళెవరూ మరవకూడని సంగతి మరిచిపోయాడు. బొమ్మలో మనుషులు ఒక పొరలో ఉంటారు, వాళ్ళ నీడలు ఇంకో పొరలో ఉంటాయి. మనుషుల్ని తీసినంత మాత్రాన నీడలు పోవు.

ఆ సాయంత్రం, రాత్రికే హోర్డింగు ఎక్కాల్సిన కొత్త ప్రింటు సరిచూసుకునే పనిలో వదినగారింటికి వెళ్ళడం పడలేదు. మర్నాడు వెళ్దామనుకున్నాడు.

మర్నాడు పొద్దున సైటు ముందు బస్సు కదల్లేదు. రోడ్డు మీద జనం తలలెత్తి నిలబడ్డారు. హోర్డింగులో భవనం ధగధగ మెరుస్తోంది. ఒక్క మనిషి లేడు. వరండాల్లో మాత్రం నీడలు నడుస్తున్నాయి. మెట్ల మీద కుక్క నీడ. ముంగిట్లో పిల్లాడి నీడ, దానిపైన బెలూను నీడ. తొమ్మిదో అంతస్తులో, తెల్లటి గోడ మీద, గొడుగు పట్టుకుని చెయ్యి నుదుటికి ఆన్చిన ఆడమనిషి నీడ. పక్కనే కప్పు నీడ.

“లోపల ఏదో జరిగుంటుంది” అంటోంది అతని ముందు సీటావిడ. “లేకపోతే అంత బాహాటంగా వేస్తారా?”

“కట్టకముందే జరిగిందంటారా?” అన్నాడు కండక్టరు.

“అదే కదా మరీ భయం.”

మధ్యాహ్నానికి సైటులో కూలీలు, ఇంకా లేవని తొమ్మిదో అంతస్తుకి ఇప్పటినుంచే ఎక్కేది లేదన్నారు. ఫ్లాట్లు మాట్లాడుకున్నవాళ్ళలో సగంమంది వద్దన్నారు. ఒకాయన మాత్రం తను ఎలాగూ ఎవరితోనూ మాట్లాడననీ, నీడలుంటే ధర తగ్గిస్తారా అనీ అడిగాడట. పెద్దాయన గదిలోకి బిల్డరు వచ్చి కూర్చోకుండానే అరిచాడు.

“నేను కట్టేది ఇళ్ళా, శ్మశానమా?”

“నీడలు కూడా తీసేయిస్తానండీ, ఒక్క గంట” అన్నాడు పెద్దాయన.

“తీసేస్తే? దయ్యాలున్నాయి, వెళ్ళగొట్టామని ఒప్పుకున్నట్టు కాదూ? ఆ నీడల్ని అలాగే ఉంచండి. వాటికి సరిపోయే మనుషుల్ని తెచ్చి పెట్టండి. ఫొటోలు కాదు, బతికున్నవాళ్ళు! ఎవరైనా అనుమానపడితే సైటుకి తీసుకొచ్చి ముందు నిలబెట్టి, ఇదిగో మనిషి, ఇదిగో నీడ అని చూపించాలి!”

ఇక ఆ పూటంతా ఆఫీసులో పని ఆగిపోయింది. తెల్లగోడ ముందు బల్లదీపం పెట్టి, ఒక్కొక్కళ్ళనే నిలబెట్టి నీడలు కొలిచారు. బిల్డరు మేనల్లుడు బెలూను పట్టుకున్నాడు. కప్పు నీడ పెద్దాయనకే అంటగట్టారు. పొట్ట లోపలికి బిగబట్టి, వంగి, పళ్ళు బయటపెట్టి నిలబడ్డాడు. మనిషి అంత సంతోషంగా కనిపించడం ఎవరూ ఎరగరు. ఎవరూ నవ్వే సాహసం చేయలేదు. ఆడమనిషి నీడ దగ్గరే చిక్కొచ్చింది. పక్క టేబులు అమ్మాయి పొట్టి. రిసెప్షనులో ఆవిడ పొడుగు సరిపోయింది కానీ ఆమె చెయ్యి నుదుటికి ఆన్చితే తలనొప్పి మాత్రల ప్రకటనలా ఉంది.

“అసలు మనిషినే పిలిపించండి” అన్నాడు బిల్డరు విసిగిపోయి. “ఎవరావిడ?”

గోడ మీద ఉన్న నీడల్లో తన నీడ ఏదో కాసేపు వెతుక్కున్నాడు జనాభా.

“మా ఆవిడండీ.”

“మీ ఆవిడ నీ మీదే అభ్యంతరం చెప్పిందా?” అన్నాడు పెద్దాయన.

“చెప్పలేదు సార్. చెబుతుందని… ముందుగానే.”

పెద్దాయన నెమ్మదిగా కప్పు కింద పెట్టాడు. “వెళ్ళు. ఆవిణ్ణి తీసుకొస్తేనే రేపు ఆఫీసుకి రా. లేకపోతే నువ్వూ రాకు.”

వదినగారింటి వైపు వెళ్ళే బస్సెక్కాడు. వెళ్ళాలనుకున్న చోటికే వెళ్తున్నాడు. అడగాలనుకున్న మాటే అడగబోతున్నాడు. కానీ ఇప్పుడు దాని అర్థం వేరు. ‘రా’ అంటే ఇంటికి కాదు, బొమ్మలోకి. రెండూ ఒకేసారి ఎలా అడగడం? ముందు ఏది? ఏది ముందంటే అదే అసలు కారణమవుతుంది.

వదిన తలుపు తీసింది. “రండి మరిదిగారూ. మొత్తానికి ఇల్లు గుర్తుంది” అని, లోపలికి తిరిగి, “ఏమే, వచ్చారు” అని కేకేసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. భార్య వచ్చి నిలబడింది. అతను గుమ్మం బయటే ఉండిపోయాడు.

“నువ్వు హోర్డింగు చూశావా?” అన్నాడు. అనుకున్న మాటల్లో ఇది లేదు.

“మొదటిరోజే చూశాను. పొద్దున్నే.”

“మొదటిరోజే?”

“ఎదురుగా చాలాసేపు కూర్చున్నాను. మీ ఆఫీసువాళ్ళ పనే కదా, మీరే పెట్టి ఉంటారనుకున్నాను. ఇన్నేళ్ళకి నన్ను ఒక చోట పెట్టుకున్నారు కదా అనిపించింది. ఆ పక్కనవాణ్ణి చూస్తే నవ్వొచ్చింది కూడా. ఇంటికొచ్చి సూట్‌కేసు సర్దాను.”

“సర్దావా?”

“ఇవాళ పొద్దున అక్కని తీసుకెళ్ళాను, మళ్ళీ చూపిద్దామని. నేను లేను. అందర్నీ తీసేసి, నీడ మాత్రం వదిలేశారు.” ఆమె గొంతులో కోపం లేదు. “సరే, తెలిసిపోయింది కదా అని, బట్టలు మళ్ళీ బయటికి తీశాను.”

ఆమె చూడకూడదని ఊరంతటి గొడవ చేశాడు. ఆమె వచ్చేయబోయింది చూసినందుకే.

“ఇప్పుడెందుకొచ్చారు?”

జేబులో ఫోను మోగింది. పెద్దాయన. అతను భార్య మొహంలోకి చూస్తూనే ఎత్తాడు.

“ఏమయ్యా, ఒప్పుకుందా?”

“లేదు సార్.”

“అడిగావా అసలు?”

“అడగనండీ. నేనే ఒప్పుకోవడం లేదు.”

అవతల నుంచి చాలా మాటలు వినిపించాయి. అవి అయ్యేదాకా ఓపిగ్గా విని, ఫోను పెట్టేశాడు.

“ఉద్యోగం పోయిందా?” అంది ఆమె.

“పోయినట్టే ఉంది.”

“మరి గదికి ఆదివారం వస్తానని చెప్పాను నేను.”

“చెప్పావని విన్నాను.”

ఇక ‘ఇంటికి రా’ అనాలి. సమయం అదే. కానీ ఆ మాట ఎటు తిప్పినా బొమ్మలోకి పిలిచినట్టే ఉంది. చెప్పులు విడిచి, లోపలికొచ్చాడు. ఉన్న ఒక్క కుర్చీలో ఉతికి ఆరిన బట్టలు కుప్పగా ఉన్నాయి. వాటిని ఎత్తి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పైనున్న చొక్కా తీసి, చేతులు వెనక్కి మడిచి, కాలరు సరిచేసి, శ్రద్ధగా మడతపెట్టాడు. ఆమె గోడకానుకుని చూస్తూ నిలబడింది.

“అవి మా బావగారివి” అంది.

అతను రెండో చొక్కా తీసుకున్నాడు.