విద్వత్పురం గేటు

ఉగాది నాడు, ఆదివారం పొద్దున్న ఈశ్వరప్రసాద్ మాస్టారి పథకం చాలా చిన్నది. ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ గుడి బోర్డు మీద ఒక కాగితం అంటించాలి, తాల్‌బగీచాలోని ఇంటికి తిరిగొచ్చి కాఫీ తాగాలి, సాయంత్రం నాటకం వేయించాలి. కాగితం అంటించడం, కాఫీ తాగడం సవ్యంగానే జరిగాయి.

ఆయన రైల్వే బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాడు. భార్య పోయాక ఆయనకు మిగిలింది ఏటా ఉగాదికి గుడి హాల్లో వేయించే నాటకం ఒక్కటే. అదీ మిగలకపోతే బాగుండునని జనానికి ఉండేది. తెర పక్కన నిలబడి ప్రతి మాటా ఆయనే ముందుగా అందించేవాడు. నటుడు తడబడితే అందించేవాడు, తడబడకపోయినా అందించేవాడు. హాలంతా ఆయన గొంతే వినిపించేది. నిరుడు చివరిదాకా కూర్చున్నది మైకు అద్దెకిచ్చినవాడొక్కడే, మైకు వదిలి పోలేక. గుడి కమిటీ ప్రెసిడెంటు విఘ్నేశ్వర్ తేల్చి చెప్పేశాడు.

"ఈసారీ కుర్చీలు ఖాళీగా ఉంటే వచ్చే ఏడు నుంచి ఆర్కెస్ట్రా పెట్టించేస్తాం మాస్టారూ. ఏమీ అనుకోకండి."

మాస్టారు చాలా అనుకున్నాడు. అనుకుని, కొత్త నాటకం రాశాడు.

నాటకం పేరు 'విద్వత్పురం'. అదొక దేశం. అక్కడ కులం లేదు, డబ్బు లేదు, మనిషి విలువంతా చదువే. ఎక్కువ చదివినవాడికి పెద్ద క్వార్టరు, చదవనివాడికి పొలిమేర. జనాన్ని రప్పించడానికి ప్రకటన కూడా ఆ దేశపు రాజాజ్ఞలాగే రాశాడు: "నేటి సాయంత్రం గుడి హాల్లో చదువు కాగితం చూపినవారికే కుర్చీ. చూపనివారు తాడు వెనక నిలబడవలెను." పైన ఒక నంబరు వేశాడు. కింద హంస బొమ్మతో రబ్బరు ముద్ర కొట్టాడు. ఇది నాటకమని ఎక్కడా రాయలేదు. రాస్తే కళ చెడుతుందనుకున్నాడు.

ఖరగ్‌పూర్‌లో తరాల తరబడి సర్క్యులర్ల మధ్య బతికిన జనం వాళ్లు. కాగితానికి నంబరూ ముద్రా ఉంటే సంతకం ఎవరిదని అడగరు. తిట్టుకుంటూ అమలు చేస్తారు. మధ్యాహ్నానికి జిరాక్సు కొట్టు ముందు వరస రోడ్డెక్కింది.

ఆ వేళకే చిలకమ్మ మాస్టారి గుమ్మంలోకి వచ్చింది. రైల్వే వర్క్‌షాపు దగ్గర ఇడ్లీలు అమ్ముతుంది. బడి గడప తొక్కలేదు గాని ఉగాది పూట గుడిలో ముందు కుర్చీ ఇంకొకరికి వదిలిన పాపాన పోలేదు.

"ఏటి మాస్టారూ, సదువు నేనోల్లు నిలబడాలంట?"

మాస్టారు మురిసిపోయాడు. ఈవిడ అప్పుడే కథలో లీనమైపోయింది! "అవును చిలకమ్మా. రాజాజ్ఞ," అన్నాడు గంభీరంగా.

"ఏ రాజు?"

"మన నూకయ్యే."

"వర్క్‌షాపు నూకయ్యా!" చిలకమ్మ కొంగు బొడ్లో దోపింది. "ఆడు రాజైపోనాడా? రానీ, సాయంత్రం ఆడి సంగతి సూస్తాను."

ఇంతమంచి ప్రేక్షకురాలు తన నాటకానికి ఎన్నడూ దొరకలేదని మాస్టారికి ఇంకా సంతోషం వేసింది.

సాయంత్రం నటులకు వేషాలు వేయించాక చూస్తే రాజుగారి కిరీటం లేదు. ఇంట్లోనే మరిచిపోయాడు. సైకిలెక్కి తాల్‌బగీచా పోయి, కిరీటం సంచిలో వేసుకుని తిరిగొచ్చేసరికి హాలు గేటు ముందు జాతరలా ఉంది. గేటు దగ్గర హరిబాబు. ఉద్యోగంలో టికెట్ చెకింగు, నాటకంలో ద్వారపాలకుడు. చెకింగులో ఉండగా సొంత బావమరిదికి జరిమానా రాసిన మనిషి. "తెర లేచినా సరే, నీ పాత్ర వదలకు. కాగితం లేనిదే బ్రహ్మదేవుణ్ణయినా వదలకు," అని మాస్టారే చెప్పి ఉంచాడు.

హరిబాబు వదలడం లేదు. ఒకాయన టైపు పరీక్ష సర్టిఫికెట్టు చూపి లోపలికి పోయాడు. రైలింజను డ్రైవరొకడు కళ్ల పరీక్ష కాగితం తెచ్చాడు. "సదువు అడిగితే సూపు సూపిస్తావేటి?" అని హరిబాబు హాలు చివర తాడు వెనక్కి పంపాడు. ఇంకొకడు తన పెళ్లి శుభలేఖ తెచ్చాడు, పేరు పక్కన బి.ఏ. అని ఉందని. "అచ్చుంది, ముద్ర నేదు. ఎనక్కి."

తన కాగితాన్ని జనం నిజమనుకున్నారని అప్పుడు మాస్టారికి బోధపడింది. ముందుకు తోసుకుపోయాడు.

"ఒరే హరీ, నన్ను లోపలికి పోనీ. మాట అందించాలి."

"సర్టిఫికెట్టు, మాస్టారూ. తాడెనక జాగా నేదు."

"ఈ నాటకం రాసింది నేనురా!"

"రాసినట్టు కాగితముందేటి?"

ఎమ్మే పట్టా ఇంట్లో బీరువాలో ఉంది. మళ్లీ తాల్‌బగీచా పోయే వ్యవధి లేదు. లోపల గంట కొట్టారు, తెర లేచింది.

మాస్టారు గేటు ఊచలు పట్టుకుని చూశాడు. ఆయన చూడనివీ కొన్ని అప్పటికే జరిగిపోయాయి. హిజ్లీ ఐఐటీ క్యాంపస్‌లో పరిశోధన చేసే వినోద్ పులిహోర ప్రసాదం కోసం వచ్చి, గుర్తింపు కార్డు చూపాడు. అంత చదువు ఆ హాల్లోకి ఎన్నడూ రాలేదు. పెద్దలు లేచి దండం పెట్టి, ఉన్నవాటిలో పెద్ద కుర్చీ వెతికి అందులో కూర్చోబెట్టారు. అది రంగం మీది సింహాసనం.

నూకయ్య కిరీటం లేక తలకి తువ్వాలు చుట్టుకుని రంగం మీదికొచ్చాడు. కుర్చీలో వినోద్, దొప్పలో పులిహోర. నూకయ్య అలవాటు కొద్దీ తెర పక్కకి చూశాడు. మాట అందించేవాడు లేడు.

"బాబూ, సదువుకున్నోడివి," అన్నాడు చివరికి. "కాసింత జరుగు. రాజుని నానే."

హాలు గొల్లుమంది.

"అది కాదురా!" మాస్టారు ఊచల్లోంచి అరిచాడు. "అజ్ఞాన తిమిరమా, తొలగుము!"

"గొడవ సెయ్యకండి," అన్నాడు హరిబాబు. "నోపల నాటకం నడస్తాంది."

సింహాసనంలో సగం చోటు దొరికిన ధైర్యంతో నూకయ్యకు ఒక్క వాక్యం గుర్తొచ్చింది. చెయ్యెత్తి ఉరిమాడు. "చదువు లేనివారిని పొలిమేర దాటించండి!"

తాడు వెనకనుంచి చిలకమ్మ గొంతు లేచింది. "ఏటిరా నూకయ్యా! నిన్న పొద్దుట నా సేతి ఇడ్లీలు మింగినప్పుడు నా సదువు అడిగినావేటిరా?"

తాడు తప్పించుకుని చిలకమ్మ రంగం మీదికే నడిచింది. వెనకే ఇంజను డ్రైవరు, శుభలేఖ బి.ఏ., చదవని జనమంతా.

"సెప్పు! ఎవుల్ని దాటిస్తావు?"

"ఎవుల్నీ నేదప్పా." రాజు తలపాగా తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "రాజ్యం నువ్వే ఉంచుకో. రేపు సట్నీ మాత్రం తగ్గించకు."

"నాకూ రెండు ప్లేట్లు పంపుతారా పిన్నిగారూ?" అన్నాడు వినోద్ దొప్ప నాకుతూ. "హాస్టల్ ఇడ్లీలు రాళ్లలా ఉంటున్నాయి."

చిలకమ్మ వాడి బుగ్గ గిల్లింది. సర్టిఫికెట్లు విసనకర్రలైపోయాయి. ఒక్కో కుర్చీలో ఇద్దరేసి సర్దుకున్నారు. ఎవరూ లేచి పోలేదు. తాను రాసిన వాక్యాల్లో ఒక్కటే పలికిన ఆ నాటకాన్ని మాస్టారు గేటు బయట నిలబడి చివరిదాకా చూశాడు. మొదట కోపంతో చూశాడు. చిలకమ్మ హరిబాబును మంత్రిగా నియమించే వేళకు, సంచిలోని కిరీటం వంగిపోయేలా నవ్వుతున్నాడు.

విఘ్నేశ్వర్ కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "ఎంత సహజంగా రాశారు మాస్టారూ! ఇన్నాళ్లూ ఎక్కడ దాచారండీ?"

తాను అందులో ఒక్క వాక్యం తప్ప ఏమీ రాయలేదని చెప్పాలని ఆయన నోరు తెరిచాడు. తెరిచిన నోటితోనే నమస్కారం పెట్టాడు.

"ఆర్కెస్ట్రా మాట ఎత్తను. వచ్చే ఏడూ హాలు మీదే," అన్నాడు విఘ్నేశ్వర్. కాస్త తటపటాయించి, గేటు బయట నీడ పట్టున జాగా చూపించాడు. "మీకు ఇక్కడ మంచి కుర్చీ వేయిస్తాం."