పెద్దరసానికి చోటు లేని ఇల్లు

తక్కువ ఖర్చుతో, ఎవరి ఇంటిని వాళ్లు తమ చేతులతోనే అలంకరించుకోవడాన్ని మించిన మేలు ఈ దేశంలో భర్తలకి ఇంకోటి జరగలేదని మా దృఢమైన అభిప్రాయం. నవ్వకండి! ఒంటికాలి మీద నిలబడటం, ఊపిరి బిగబట్టడం, ఆకలిని మర్చిపోవడం, అన్నిటికంటే ముఖ్యంగా నోరు కట్టేసుకోవడం... యోగా మాస్టర్లు ఏళ్ల తరబడి నేర్పలేనివి ఒక జిగురు సీసా, ఒక తెల్లరంగు డబ్బా కలిసి వారంలో నేర్పేస్తాయి. నమ్మకపోతే ముసునూరు వెళ్లి బసవపున్నారావుని చూసిరండి.

బసవపున్నారావు మామిడి రైతు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఆయనకి నగల మీద, నాయకత్వం మీద మోజు లేదు. ఉన్న సరదా ఒక్కటే. ఏటా బోరు పక్క చెట్టు నుంచి దించిన పెద్దరసాలు ఇంట్లో వరిగడ్డి కింద మగ్గాలి. ఇల్లంతా ఘుమఘుమలాడాలి. మొదటి పండు చేతికొచ్చిన రోజున వసారాలో పీట వేసుకుని, చొక్కా విప్పి పక్కన పడేసి, పండుని అరచేతుల మధ్య మెత్తగా పిసికి, ముచ్చిక కొరికి అవతలికి ఊసి, రసం మోచేతి దాకా కారుతుంటే జుర్రుకోవాలి. లారీలకి లారీలు కాయ వెళ్లిపోయినా సరే, ఆ మొదటి పండు అలా తింటేనే ఆయనకి ఆ ఏడు పంట పండినట్టు.

దీనికీ ఇంటి అలంకరణకీ సంబంధం ఏంటంటారా? అక్కడికే వస్తున్నాం.

మాఘమాసంలో బాపులపాడులో ఆయన మరదలు హైమవతి గృహప్రవేశం చేసింది. ఎవరో డిజైనరుని పెట్టి లోపలంతా తెల్లగా, చల్లగా, ఆసుపత్రికీ హోటలుకీ మధ్యరకంగా చేయించుకుంది. ఆయన భార్య సీతారావమ్మ చెల్లెలి ఇల్లంతా తిరిగి చూసి "బావుందే" అంది. ఇంటికొచ్చాక హాల్లో నిలబడి, గోడమీది ఎరువుల కంపెనీ క్యాలెండరు, మేకుకి వేలాడుతున్న లుంగీ, మూలన కాయలు కోసే చిక్కం, అన్నీ వరసగా చూసింది.

"మనింటికి ఎవరూ ఎందుకు రారో ఇప్పుడు తెలిసిందండీ."

"ఎందుకు రారే? నిన్ననేగా కాయల బేరగాడు వచ్చాడు," అన్నాడు బసవపున్నారావు. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మర్నాటికల్లా సీతారావమ్మ ఫోన్లో సాహితి అనే పిల్ల దొరికింది. చవగ్గా ఇల్లు చక్కబెట్టుకోవడం ఎలాగో వీడియోలు పెట్టడం ఆ పిల్ల పని. "ఆంటీలూ, ఇంట్లో పనికిరాని వస్తువంటూ ఏదీ ఉండదు!" అన్నది ఆ పిల్ల మొదటి సూత్రం. ఎంత గొప్ప మాట! సీతారావమ్మ దాన్ని మరో మెట్టు పైకి తీసుకెళ్లింది. పనికిరానివే అంత అందంగా తయారైతే, పనికొచ్చేవి ఇంకెంత అందంగా తయారవ్వాలి?

ముందుగా ఆవకాయ జాడీకి మోక్షం వచ్చింది. దానికి ఊదారంగు పూలు వేసి, లోపల ఎండు కొమ్మలు పెట్టి, గుమ్మం పక్కన నిలబెట్టారు. ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలోకి కాపురం మారింది. కాయల పెట్టెలు బోర్లించి, పైన దిళ్లు పరిస్తే సోఫా. ఆ సోఫాలో ఒక మేకు ఉంది. అది సీతారావమ్మని ఏమీ అనదు, బసవపున్నారావు కూర్చుంటే మాత్రం పంచె పట్టుకుని వదలదు. నిరుటి టెంకలు ఎండబెట్టి, రంగులు పూసి, గోడకి సీతాకోకచిలుకలు చేశారు. నూజివీడు చుట్టుపక్కల టెంకలకి కరువా? గోడ మీద చోటు చాలక కొన్ని చిలుకలు ఫ్రిజ్ మీద వాలాయి.

ఒకరోజు పెళ్లికి బయల్దేరుతూ బసవపున్నారావు తన జరీ కండువా కోసం ఇల్లంతా వెతికాడు. వెతికి వెతికి అలిసిపోయి సోఫాలో కూలబడ్డాడు. తీరా చూస్తే దాని మీదే కూర్చున్నాడు. దిండు గలీబుగా మారిన కండువాని భుజానేసుకుని పెళ్లికి వెళ్లడం బావుండదని కండువా లేకుండానే వెళ్లాడు. చూశారా, ఆడంబరాల మీద మోజు ఎంత తేలిగ్గా వదిలిపోయిందో!

కోతలరోజు వచ్చింది. కూలీల మేస్త్రి క్రీస్తుదాసు గుమ్మంలో నిలబడి అడిగాడు.

"అయ్యగారూ, చిక్కం ఏదండీ?"

బసవపున్నారావు కాసేపు చెప్పులకేసి చూసుకున్నాడు. "హాల్లో వెలుగుతోందిరా," అన్నాడు.

క్రీస్తుదాసు తొంగి చూశాడు. నిజమే! ఏళ్ల తరబడి చిటారుకొమ్మన కాయల్ని ఒడుపుగా అందుకున్న చిక్కం, గడ నుంచి విడిపోయి, సీలింగుకి వేలాడుతూ, కడుపులో బల్బు పెట్టుకుని పసుప్పచ్చగా మెరుస్తోంది. "బలే ఉందండీ," అని మెచ్చుకుని, పక్క తోటలో చిక్కం అరువు తెచ్చుకుని పనిలోకి దిగాడు. ఇరుగుపొరుగుతో రాకపోకలు పెరగడానికి ఇంతకంటే మంచి మార్గం ఎవరైనా చెప్పగలరా?

అసలు దెబ్బ ఆ సాయంత్రం పడింది. బోరు పక్క చెట్టు కాయలు గంపలో పట్టుకుని బసవపున్నారావు ఎప్పటిలాగే కాయలు మగ్గబెట్టే గదికి వెళ్లాడు. అక్కడ గడ్డి లేదు. తెల్లటి గోడలు, తెల్లటి తెర, తెల్లటి కుర్చీ ఉన్నాయి. అది రీడింగ్ కార్నర్ అట! ఆ గదిలో ఉన్న ఏకైక పుస్తకం నిరుటి పంచాంగం. దానికీ తెల్లకాగితం అట్ట వేశారు.

"మరి కాయలెక్కడ వెయ్యాలే?"

"గొడ్లపాకలో వేసుకోండి. ఇంట్లో ముగ్గితే ఈగలొస్తాయి, సొన మరకలు పోవు. పైగా ఆదివారం హైమ వస్తోంది," అంది సీతారావమ్మ.

"ఇంట్లో మామిడిపండు వాసన లేకపోతే ఎలాగే?"

"దానికీ ఏర్పాటు చేశానుగా!" అని ఆవిడ ఒక కొవ్వొత్తి వెలిగించింది. ఫోన్లో ఆర్డరు పెట్టి తెప్పించిన ఎసెన్సుతో స్వయంగా పోసిన కొవ్వొత్తి. మామిడిపండు వాసన అని సీసా మీద రాసి ఉంది కాబట్టి అది మామిడిపండు వాసనే. చుట్టూ కనుచూపుమేర మామిడితోటలు, మధ్యలో ఇల్లు, ఇంట్లో మామిడిపండు వాసన వేసే మైనం. ఇంతటి ప్రగతిని మన తాతలు కలగన్నారా?

బసవపున్నారావు పాకలో ఓ మూల గడ్డి పరిచి కాయలు వేసుకున్నాడు. గేదె ఓ పక్కనుంచి ఆ పరుపుని తింటుంటే అదిలిస్తూ రోజూ కాపలా కాశాడు.

ఆదివారం మధ్యాహ్నం మొదటి పండు ముగ్గింది. సరిగ్గా హైమవతి వచ్చిన వేళకే! ఆయన ఆ పండుని రెండు చేతులతో పట్టుకుని ఇంట్లోకి వచ్చాడు. వసారాలో పీట వేసుకునే చోట తులసికోటలాంటిదేదో కట్టారు. నేలమీద తన పాత పంచెలతో అల్లిన తివాచీ ఉంది. హాల్లో మేకు సోఫా మీద మరదలు కూర్చుని ఉంది. పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్లబోతే అక్కడా తెల్లగులకరాళ్లు పోసి "తొక్కకండి" అని బోర్డు పెట్టారు. సొంత ఇంట్లో, సొంత చెట్టు పండు తినడానికి ఆయనకి జానెడు చోటు దొరకలేదు. ఆ క్షణాన బసవపున్నారావుకి నిజంగానే ఏడుపొచ్చింది.

"బావగారూ, పెద్దరసాలు ఇంకా ముగ్గలేదా?" అని హైమవతి అడిగింది.

ఆయన పండుని వీపు వెనక దాచుకున్నాడు. ఈలోగా సీతారావమ్మ ట్రే తెచ్చింది. గాజు కప్పుల్లో బంగినపల్లి ముక్కలు, ఒక్కో ముక్కకీ ఒక్కో పుల్ల, పైన పుదీనా ఆకు! పుల్లతో మామిడిపండు! బసవపున్నారావు అక్కడ ఉండలేకపోయాడు. నేరుగా గొడ్లపాకలోకి వెళ్లి, గేదెని కడిగి, మేత వేసి, పొద్దు వాలాక మిగిలిన ఒక్క కాయల పెట్టె బోర్లించుకుని, చొక్కా విప్పి గేదె కొమ్ముకి తగిలించి, ముచ్చిక కొరికి ఊశాడు.

రసం ముంజేతి మీదుగా దిగి మోచేతికి చేరుతుండగా గుమ్మంలో గాజులు గలగలమన్నాయి. సీతారావమ్మ! పట్టుచీర చెంగులో ఏదో మూట కట్టుకుని ఉంది. ఆయన దొంగలా లేచి నిలబడ్డాడు.

"జరగండి కాస్త," అని ఆవిడ పెట్టె మీద పక్కన కూర్చుంది. చెంగులోంచి పండు తీసింది. ఆయన చూడకుండా గడ్డి కిందనుంచి తీసి దాచిపెట్టుకున్న పెద్దరసం!

"హైమ వెళ్లిందా? ఏమంది?"

"ఇల్లు బావుందంది. కానీ మామిడిపండు వాసన రావట్లేదేంటక్కా అనింది."

"నువ్వేమన్నావు?"

"కొవ్వొత్తి చూపించాను." ఆవిడ తల వంచుకుని పండు పిసికింది. "ఆ హాల్లో కూర్చుని తినబుద్ధి కాలేదండీ. నాకే భయమేసింది."

పండు తినే చప్పుడు తప్ప పాకలో ఇంకే చప్పుడూ లేదు. సీతారావమ్మ మోచేతి నుంచి రసం పట్టుచీర మీద పడింది. ఆవిడ పట్టించుకోలేదు. ఆ ఏటి పంట బసవపున్నారావు చేతికొచ్చింది.

ఇప్పుడు చెప్పండి, అలంకరణ మేలు చేసిందా లేదా? అది లేకపోతే మొగుడూ పెళ్లాం ఒకే పెట్టె మీద కూర్చుని పండు తినేవాళ్లా? ఇల్లు అంటే చూసేది కాదని, రసం కార్చుకునే చోటని, ఆ చోటు కాస్తా పోతేగానీ మనలాంటివాళ్లకి తెలుస్తుందా?

టెంక చీకడం అయ్యాక సీతారావమ్మ చెయ్యి తుడుచుకుంటూ చుట్టూ చూసింది.

"ఏవండీ, ఇక్కడ చల్లగా, ఎంత బావుందో కదా! ఆ వెనక గోడకి కాస్త సున్నం కొట్టి, పైన రెండు చిక్కాలు వేలాడదీస్తే..."

మర్నాడు తెల్లారేసరికి బసవపున్నారావు కూడా సొంత చేతులతో అలంకరణ మొదలుపెట్టేశాడు. ఖర్చు లేదు, జిగురు అక్కర్లేదు. సామగ్రి అంతా గేదె సమకూర్చింది. పాక వెనక గోడ నిండా, సున్నానికి చోటు మిగలకుండా, ఈ చివర నుంచి ఆ చివర దాకా పిడకలు కొడుతున్నాడు. చిన్నప్పుడు వాళ్లమ్మ కొడుతుంటే చూసిన పనే.

సీతారావమ్మ వచ్చింది. నడుం మీద చెయ్యి వేసుకుని కాసేపు గోడకేసి చూసింది. తర్వాత ఫోను బయటికి తీసింది.

"వరస కాస్త తిన్నగా రానివ్వండి, వీడియోలో బావుంటుంది," అంది.

బసవపున్నారావు ఆ తర్వాతి పిడకని కావాలనే వంకరగా కొట్టాడు.