పెట్టుకున్నట్టే తెలియని పిస్తోలు

ఆ ఆదివారం ఉదయం వెండెల్ స్టకీ పథకంలో మూడే పనులున్నాయి. తొమ్మిదింటికల్లా చర్చికి చేరాలి. వెనక వరసలో, తలుపు పక్క బల్ల మీద, అందరికీ కనిపించేలా కూర్చోవాలి. ఆరాధన అయ్యాక అందరూ తలో వంటా తెచ్చుకుని తినే భోజనాల దగ్గర, చర్చి కాపలా దళానికి కెప్టెన్ ఎవరో పాస్టరు చదువుతాడు. ఆ పేరు తనది కావాలి. మూడోది తన చేతిలో లేదు. కానీ మొదటి రెండూ సరిగ్గా చేస్తే అది దానంతటదే వస్తుందని అతని నమ్మకం.

ఓక్లహామాలో హ్యాకెట్ క్రీక్ అనే ఆ ఊళ్ళో పదకొండేళ్ళుగా జరిగిన ఘోర నేరం ఒక్కటే. టైర్ల కొట్టు రాయ్స్ టిబెట్స్ గడ్డి కోసే యంత్రాన్ని ఎవరో ఎత్తుకుపోయారు. మర్నాడు తెచ్చి పెట్టేశారు, పెట్రోలు నింపి మరీ. అయినా చర్చికి సాయుధ దళం కావాలన్నారు. టీవీ రోజూ భయపెడుతుంది, ఆ భయాన్ని ఎక్కడో ఒకచోట బెల్టుకి తగిలించుకోవాలి కదా. దేవుడి ముందు కూర్చోవడానికి కూడా తూటాలు కావాల్సిన కాలం వచ్చిందని ఎవరూ సిగ్గుపడలేదు సరికదా, పద్నాలుగు మంది పేర్లిచ్చారు.

వెండెల్ ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపాడు. ఊళ్ళో సగం మంది అతని మెడ వెనక భాగాన్ని చూస్తూ పెరిగారు. మొహం చూసి పలకరించినవాళ్ళు తక్కువ. రిటైరయ్యాక అదీ లేదు. అతనికి కెప్టెన్ హోదా మీద మోజు లేదు. కెప్టెన్ తలుపు దగ్గర నిలబడతాడు, వచ్చే ప్రతివాడూ అతని మొహం చూసి, చెయ్యి కలిపి లోపలికి పోతాడు. అది కావాలి.

ఆశకి ఆధారం లేకపోలేదు. ఆ ఏడాది వసంతంలో అతనొక పాలిమర్ పిస్తోలు కొన్నాడు. గట్టి ప్లాస్టిక్ చట్రం, నల్లది, తేలికది, వరసగా పేలేది. మూణ్ణెల్లు వాడి, కొట్టువాళ్ళ వెబ్‌సైటులో తన అనుభవం రాశాడు. జన్మలో ఉత్తరం ముక్క రాయనివాడు పదకొండు పేరాలు రాశాడు. పిడికి వెనక తగిలించే ముక్కలు మూడు సైజుల్లో ఇచ్చారు, నడిమిది నా చేతికి పాత మిత్రుడి కరచాలనంలా ఉంది అన్నాడు. పిడి మీది గరుకు చెమటలో జారనివ్వదు, అలాగని పొట్ట చర్మాన్నీ గీకదు అన్నాడు. పేల్చినప్పుడు తన్నదు, మెత్తగా తోస్తుంది అన్నాడు. మ్యాగజైనులో చివరి రెండు తూటాలు ఎక్కించేటప్పుడు బొటనవేలు నొప్పెడుతుందని ఒక నక్షత్రం కోసేశాడు. ఆఖర్న ఇలా ముగించాడు: 'బస్సు సీట్లో నడుం పోగొట్టుకున్న మనిషిని నేను. చర్చిలో రెండు గంటలు కూర్చున్నా ఇది పెట్టుకున్నట్టే తెలియదు.'

ఆ రాతని రెండు వందల పైచిలుకు జనం మెచ్చుకున్నారు. పాస్టరు బ్రదర్ హోలిస్ దాన్ని అచ్చు తీసి మగవాళ్ళ బైబిలు తరగతి గదిలో గోడకి అతికించాడు. అది చదివి చర్చిలో తొమ్మిది మంది అదే పిస్తోలు కొన్నారు. రాయ్స్ కూడా కొన్నాడు, కాకపోతే రాత చదవకముందే కొన్నానని చెప్పుకున్నాడు. ముప్పై ఏళ్ళ కిందట ఎనిమిది నెలలు షెరీఫు దగ్గర పోలీసు డెప్యూటీగా పనిచేసిన రాయ్స్‌కి కెప్టెన్ పదవి తన జన్మహక్కు.

ఆ ఉదయం వెండెల్ కంగారులో గ్రేవీ ప్యాంటు మీద ఒలకబోసుకున్నాడు. భార్య మెర్లీన్ ఇంకో ప్యాంటు విసిరి, ట్రక్కులో కూర్చున్న అతని ఒళ్ళో అప్పుడే ఓవెన్‌లోంచి తీసిన చిక్కుడు క్యాసరోల్ పెట్టి, దాన్ని వంచితే ఇక ఇంటికి రావద్దని చెప్పి తనూ ట్రక్కెక్కింది. వెండెల్ తొమ్మిదికి అయిదు నిమిషాల ముందు చర్చి చేరాడు, బాత్రూముకి వెళ్ళొచ్చాడు, తలుపు పక్క బల్ల మీద కూర్చున్నాడు. నడుం కుడిపక్క పిస్తోలు బరువు హాయిగా తెలుస్తోంది. తన రాతలో 'తెలియదు' అని రాయడం కొంచెం ఎక్కువే అయిందేమో అనుకున్నాడు.

రెండో కీర్తన అయింది. ప్రకటనలు నడుస్తున్నాయి. అప్పుడు రాయ్స్ పక్క తలుపులోంచి లోపలికొచ్చాడు. ఒరలో ఉన్న నల్ల పిస్తోలుని, చచ్చిన ఎలకని తోక పట్టి తెచ్చినట్టు రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, నడవా మొత్తం నడిచి, వేదిక ఎక్కి పాస్టరు చేతిలో పెట్టాడు. మగవాళ్ళ బాత్రూములో, కమోడు వెనక నీళ్ళ ట్యాంకు మీద దొరికిందన్నాడు. పిల్లలు తిరిగే చోటు అన్నాడు. చెవిలో చెప్పినట్టే చెప్పాడు, మైకు పక్కన.

బ్రదర్ హోలిస్ ఒక చేతిలో మైకు, ఒక చేతిలో పిస్తోలు పట్టుకుని ఒక్క క్షణం ఆలోచించాడు. ఇంకో క్షణం ఆలోచించి ఉంటే ఈ కథ లేదు.

"సోదరులారా, ఎవరిది వాళ్ళ దగ్గరుందో లేదో ఒకసారి చూసుకోండి," అన్నాడు.

పద్నాలుగు మంది మగవాళ్ళ చేతులు ఒక్కసారిగా నడుముల మీదికి పోయాయి.

ఆ పద్నాలుగు చేతుల్లో అయిదు చేతులు, తుపాకీ ఇంట్లోనే పెట్టానని భార్యలకి ఒట్టేసి వచ్చినవి. ఆ అయిదు బల్లల దగ్గర వేరే కథలు మొదలయ్యాయి. అది అలా ఉంచండి. మూడో వరసలో షికాగో నుంచి కొత్తగా వచ్చిన పశువుల డాక్టరు, అతని నిండు గర్భిణి భార్య కూర్చున్నారు. ఆ ఊరి చర్చికి రావడం వాళ్ళకదే మొదటిసారి. తల తిప్పిన ప్రతి వైపూ ఒక మగవాడు నడుం మీద చెయ్యేసి నిలబడబోతున్నాడు. వాళ్ళిద్దరూ బల్ల కిందికి దూరారు. ఆమె ఫోను తీసి పోలీసులకి, చర్చిలో తుపాకులతో పద్నాలుగు మంది ఉన్నారని చెప్పింది. అబద్ధం చెప్పలేదు పాపం.

వాళ్ళు కిందికి దూరడం చూసి, తలుపులోంచి తుపాకీతో ఎవడో వచ్చాడనుకుని నాలుగో వరస దూరింది. అది చూసి అయిదో వరస. రెండు నిమిషాల్లో హాలంతా నేల మీద ఉంది. పియానో దగ్గరున్న డెబ్బై ఎనిమిదేళ్ళ మిస్ ఆర్డిత్ కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. ఇంతమంది ఒక్కసారి మోకాళ్ళ మీద పడటం నలభై ఏళ్ళలో చూడలేదామె. పరిశుద్ధాత్మ దిగిందని నిశ్చయించుకుని పశ్చాత్తాప కీర్తన ఎత్తుకుంది, గట్టిగా.

ఆ కీర్తన మధ్యలో కొందరి జేబుల్లో పేజర్లు మోగాయి. ఆ ఊరి ఫైరింజనుకి జీతగాళ్ళు లేరు. పిలుపొస్తే ఊళ్ళోవాళ్ళే పరుగెత్తాలి. ఆ ఊళ్ళోవాళ్ళలో ఆరుగురు బల్లల కింద పడుకుని ఉన్నారు. పేజరు చూసుకున్నారు: హ్యాకెట్ క్రీక్ చర్చిలో ప్రమాదం, తక్షణం వెళ్ళండి. ఉన్న చోటికే వెళ్ళమన్నారన్న సంగతి ఒక్కడికీ తట్టలేదు. ఆరుగురూ లేచి, బయటికి పరుగెత్తి, రెండు వీధులవతల ఉన్న షెడ్డు తెరిచి, టోపీలు పెట్టుకుని, ఫైరింజను మీద సైరను మోగిస్తూ మళ్ళీ చర్చికి వచ్చారు. ఆ సైరనుతో, అప్పుడే లేవబోతున్న నలుగురు కూడా మళ్ళీ పడుకున్నారు.

ఇంత గోలలోనూ వెండెల్ కదల్లేదు. అతని చెయ్యి నడుం మీదే ఉండిపోయింది. అక్కడ ఏమీ లేదు. పిస్తోలు లేదు, ఒర లేదు. బెల్టు, దాని కింద చొక్కా, దాని కింద తను.

బాత్రూముకి వెళ్ళాడు కదా. తీసి ట్యాంకు మీద పెట్టి ఉంటాడు. అనుకున్నకొద్దీ ఆ దృశ్యం కళ్ళకి కట్టింది. చేత్తో ఒర విప్పినట్టు, ట్యాంకు మూత మీద 'టక్'మన్నట్టు. చెయ్యని పని అంత స్పష్టంగా గుర్తొస్తుందని అతనికి తెలియదు.

షెరీఫు ఆఫీసు నుంచి వచ్చిన డెప్యూటీ పేరు లేన్ పర్విస్. పాతికేళ్ళ కుర్రాడు. అందర్నీ లేపి కూర్చోబెట్టాడు, గర్భిణికి నీళ్ళిప్పించాడు, మిస్ ఆర్డిత్ చేత పియానో ఆపించాడు. అది మాత్రం కష్టమైంది. పిస్తోలు చేతిలోకి తీసుకుని, ఎవరిదని అడిగాడు. దీని నంబరు ఎవరికైనా తెలుసా అన్నాడు. అదే రకం పిస్తోళ్ళు తొమ్మిది మంది నడుములకున్నాయి, ఒక్కడికీ తన నంబరు తెలియదు. పెళ్ళిరోజు గుర్తులేనివాళ్ళకి నంబరేం గుర్తుంటుంది.

ఇప్పుడే తేలాలన్నాడు రాయ్స్. కెప్టెన్ పేరు చదివే రోజు, ఈ నిర్లక్ష్యం ఎవరిదో సంఘానికి తెలియాలన్నాడు. డెప్యూటీ ఒప్పుకోలేదు. పిస్తోలు తన ఆఫీసులో ఉంటుంది, ఎవరిదో వాళ్ళు నంబరున్న పెట్టె పట్టుకుని నింపాదిగా వచ్చి తీసుకోవచ్చు, ఎవరికీ తెలియక్కర్లేదు అన్నాడు.

వెండెల్ ప్రాణం లేచొచ్చింది. సోమవారం పొద్దున్నే వెళ్తే సరిపోతుంది. ఈలోపు భోజనాలవుతాయి, పేరు చదువుతారు. డెప్యూటీ బయటికి పోతూ అతని బల్ల దగ్గర ఆగాడు.

"బాగున్నారా మిస్టర్ స్టకీ? మిమ్మల్ని చూస్తే మన బస్సు గుర్తొచ్చింది," అన్నాడు నవ్వుతూ. "లంచ్ డబ్బా ఎవరైనా మర్చిపోతే పైకెత్తి పట్టుకుని, ఇదెవరిదిరా అని నిలబడేవారు కదా. చెప్పేదాకా బస్సు కదలదనేవారు."

"ఎవడూ చెప్పేవాడు కాదుగా," అన్నాడు వెండెల్.

"సిగ్గు సార్. నాది మూడుసార్లు పోయింది. ఒక్కసారీ చెప్పలేదు. మీరే కనిపెట్టి నా సంచిలో పెట్టేసేవారు, ఎవరికీ తెలియకుండా."

డెప్యూటీ తలుపు దాకా వెళ్ళాడు. వెండెల్ లేచి నిలబడ్డాడు. నడుం కలుక్కుమంది.

"లేన్, ఆగు. అది నాది," అన్నాడు.

తలలన్నీ వెనక్కి తిరిగాయి. మెర్లీన్ కళ్ళు మూసుకుంది. డెప్యూటీ వెనక్కొచ్చి, నంబరు అడక్కుండానే పిస్తోలు అతని చేతిలో పెట్టాడు. ఆ క్షణాన్ని వాడుకోవడం రాయ్స్‌కి తెలుసు.

"గోడ మీద రాతలో ఉందిగా వెండెల్, పెట్టుకున్నట్టే తెలియదని," అన్నాడు. "పెట్టుకోనట్టు కూడా తెలియలేదేం మరి?"

అందరూ నవ్వారు. పడి పడి నేలంతా తుడిచిన బట్టలతోనే నవ్వారు. బ్రదర్ హోలిస్ నవ్వలేదు. చెయ్యెత్తి అందర్నీ ఆపి, ముందు అనుకున్న ప్రసంగం పక్కన పెట్టి, ఒప్పుకోలు గురించి నలభై నిమిషాలు మాట్లాడాడు. వెండెల్ పేరు పదహారు సార్లు వచ్చింది. చివర్న, కెప్టెన్ సంగతి వచ్చే ఆదివారానికి వాయిదా అన్నాడు. భోజనాల దగ్గర అందరూ రాయ్స్‌తో చెయ్యి కలిపారు. వెండెల్ క్యాసరోల్ పక్కన ఒంటరిగా కూర్చున్నాడు. జాలిపడి దాన్ని తిన్నవాళ్ళు కూడా అతని మొహం చూడలేదు.

ఇంటికొచ్చాక గ్రేవీ పడ్డ ప్యాంటు ఉతకడానికి వెళ్ళిన మెర్లీన్ అక్కణ్ణించే పిలిచింది. బట్టలుతికే యంత్రం మీద, ఒరతో సహా, నల్ల పిస్తోలు. ప్యాంటు మార్చినప్పుడు కొత్త ప్యాంటుకి బెల్టు ఒక్కటే ఎక్కింది, ఒర అక్కడే ఉండిపోయింది.

"రెండోది ఎప్పుడు కొన్నావు?" అంది మెర్లీన్. ఆ నింపాది గొంతు మంచికి కాదు.

కొనలేదని నమ్మించడానికి అరగంట, పెట్టె వెతికి నంబరు సరిచూడటానికి ఇంకో అరగంట పట్టింది. యంత్రం మీదిదే తనది. చర్చిలో బల్ల మీద తనకి హాయిగా తెలిసిన బరువు అసలు లేనే లేదు. మరి తను ఒప్పుకుని తెచ్చుకున్నది ఎవరిది?

నాలుగింటికి బ్రదర్ హోలిస్ ఓదార్చడానికి వచ్చాడు. వరండాలో కూర్చుని, మెర్లీన్ ఇచ్చిన చల్లటి టీ తాగుతూ, మనిషి పడిపోవడం గురించీ లేవడం గురించీ కాసేపు చెప్పాడు. ఆమె లోపలికి పోయాక గొంతు తగ్గించాడు.

"వెండెల్, ఆ పిస్తోలు పిడికి... వెనక ముక్క ఏ సైజుది?"

వెండెల్ లేచి రెండు పిస్తోళ్ళూ తెచ్చి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఒకదానికి నడిమి సైజు. ఇంకోదానికి పెద్దది. పాస్టరు చేతులు పెద్దవి.

"ఎప్పుడు తెలిసింది బ్రదర్?"

"నువ్వు లేచి నిలబడ్డాక. కోటు సర్దుకుంటుంటే చెయ్యి తగిలింది. అంటే, ఏమీ తగల్లేదు."

"తెలిసీ నలభై నిమిషాలు మాట్లాడారు."

"ఏం మాట్లాడానో నాకే తెలియదు," అన్నాడు పాస్టరు. వచ్చే ఆదివారం నిజం చెప్పేస్తానన్నాడు. చెప్పాలనే ఉందన్నాడు. తర్వాత, సంఘం నమ్మకం అన్నాడు, కొత్తగా వచ్చిన దంపతులన్నాడు, కాపరి తూలితే గొర్రెలు చెదిరిపోతాయన్నాడు. ఆ 'తర్వాత' చీకటి పడేదాకా సాగేలా ఉంది. పెద్ద మనుషుల సిగ్గుకి ఎప్పుడూ ఇలాంటి గొర్రెలే అడ్డు.

వెండెల్ బెదిరించలేదు, బేరం పెట్టలేదు. పెద్ద పిడి ఉన్న పిస్తోలుని అతని వైపు జరిపాడు.

"నాకు ఆ తలుపు దగ్గర నిలబడాలని ఉంది బ్రదర్," అన్నాడు అంతే.

మరుసటి ఆదివారం బ్రదర్ హోలిస్ క్షమ గురించి ప్రసంగించాడు. తప్పిపోయినవాణ్ణే తలుపు దగ్గర నిలబెట్టడం దేవుడి పద్ధతి అని చెప్పి, కెప్టెన్ బిళ్ళని తన చేత్తో వెండెల్ చొక్కాకి గుచ్చాడు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఇంత పెద్ద మనసు ఎవరికుంటుంది అన్నారు, పాస్టరు గురించి. రాయ్స్ కూడా వచ్చి వెండెల్ మొహం చూసి చెయ్యి కలిపాడు, పళ్ళు బిగించి.

కెప్టెన్ వెండెల్ మొదటి ఉత్తర్వు ఆ రోజే అమల్లోకి వచ్చింది: పాస్టరుగారు బాత్రూముకి వెళ్ళినప్పుడల్లా దళంలో ఒకరు వెంట వెళ్ళి, తర్వాత లోపల ఒకసారి చూసి రావాలి. అంత మంచి మనిషికి ప్రాణభయం ఉండటం సహజమేనని సంఘం ఏకగ్రీవంగా ఒప్పుకుంది.