తూకాలరావు కాటా పరీక్ష

ఆ రోజుకి తూకాలరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా ఆఫీసుకి చేరాలి, పదింటికల్లా కాటా పరీక్ష ముగించాలి, ఫైలు మీద సంతకం గీకి మేనేజరు బల్ల మీద పడేయాలి, ఆపైన సాయంత్రం దాకా నింపాదిగా టీలు తాగాలి. ఇందులో కొంప మునిగే సంగతి ఏముందో మీరే చెప్పండి. కాలం కలిసిరాకపోతే తాడే పామై కరుస్తుందని ఊరికే అనలేదు పెద్దలు.

తూకాలరావు అన్నది అమ్మానాన్నా పెట్టిన పేరు కాదు. ఓ చిన్న విమాన కంపెనీలో పదిహేడేళ్లుగా సామాన్ల తూకం గుమస్తాగా ఉన్నందుకు తోటివాళ్లు తగిలించిన పేరు. ప్రయాణికుల పెట్టెలు కాటా మీద ఎంత తూగాయో రాసుకోవడం, మొత్తం బరువు లెక్కగట్టి ఆ కాగితం పైలట్ చేతిలో పెట్టడం ఆయన పని. ఎంత ఇంధనం పోయించుకోవాలో ఆ కాగితం చూశాకే తేలుతుంది.

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ హాల్లోకి వచ్చేసరికి సోఫా మీద బావమరిది కాళ్లు బారజాపుకుని పేపరు చదువుతున్నాడు. అతనిది ఇంకో విమాన కంపెనీ. చమురు ధర పెరగ్గానే ఆ కంపెనీ సగం విమానాల్ని నేల మీద కూర్చోబెట్టింది, వాటితోపాటు అతన్నీ కూర్చోబెట్టింది. విమానాలు ఎక్కడ కూర్చున్నాయో గానీ అతను మాత్రం నాలుగు నెలలుగా అక్కగారి సోఫాలోనే ఉన్నాడు.

"బావా, చమురు పీపా రేటు మళ్లీ పెరిగింది."

"పెరగనీ. నేనేమన్నా పీపాలు కొంటున్నానా?"

"అలా తీసిపారేయకు. ఆయిల్ పెరిగితే టికెట్టు పెరుగుతుంది. టికెట్టు పెరిగితే జనం ఎక్కరు. ఎక్కకపోతే కంపెనీ మనుషుల్ని తీసేస్తుంది. తీసేసినవాళ్లు ఏమీ కొనరు. కొనకపోతే కొట్టువాడు మునుగుతాడు."

"తీసేసినవాళ్లు ఏం చేస్తారో నాకు రోజూ కనిపిస్తూనే ఉందిలే."

వంటింట్లో ఓ గిన్నె ధడేలుమంది. తమ్ముడి తరఫున ఆయన భార్య ఇచ్చిన జవాబు అది. తూకాలరావు గప్‌చుప్‌గా చెప్పులు వేసుకున్నాడు. పైకి ఎంత వెటకారం చేసినా లోపల ఆయనకి బెంగగానే ఉంది. తన ఉద్యోగం కూడా ఊడితే ఈ మహానుభావుడితో కలిసి ఆ సోఫాలోనే కూర్చుని, అదే పేపరు చెరో సగం చదువుకోవాలి. 

ఇక కాటా సంగతి. ఇదివరకు ఆర్నెల్లకోసారి బయటి కంపెనీ మనిషొకడు ఇనుప తూకం రాళ్లు మోసుకొచ్చి, కాటా మీద పెట్టి, సరిచూసి పోయేవాడు. ఆయిల్ రేటు పెరిగాక, ఖర్చు తగ్గించుకోవాలని ఏడాది కిందట ఆ మనిషిని మానిపించారు. "మీ కాటా మీరే పరీక్షించుకోండి" అని ఈమధ్యే హెడ్డాఫీసు సర్క్యులర్ పంపింది. బాగానే ఉంది గానీ, రాళ్లు ఆ మనిషివి. అవి అతనితోనే పోయాయి.

రాళ్లు లేకపోతేనేం, ఆఫీసునిండా మనుషులున్నారు కదా అనుకున్నాడు తూకాలరావు. ఆ ఆలోచన వచ్చినందుకు తనని తానే మెచ్చుకున్నాడు కూడా. ఎవరి బరువు వాళ్లకి తెలుసు. వాళ్లు చెప్పిందీ కాటా చూపించిందీ ఒకటైతే కాటా మంచిదే.

"క్యాషియర్ గారూ, ఒక్క నిమిషం ఇలా రండి. మీ బరువెంత?"

క్యాషియర్ అటూ ఇటూ చూశాడు. వెనకాలే టికెట్ల కౌంటరు అమ్మాయి నిలబడి ఉంది. "డెబ్భై ఎనిమిది" అని కాటా ఎక్కాడు. కాటా డెబ్భై ఎనిమిదే చూపించింది. తూకాలరావు ముచ్చటపడిపోయాడు. కౌంటరు అమ్మాయి నలభై తొమ్మిదంది, అంతే చూపించింది. క్యాంటీన్ నడిపే పిన్నిగారు "డెబ్భై, ఒక్క పిసరు కూడా ఎక్కువుండదు నాయనా" అంది, ఒక్క పిసరు కూడా ఎక్కువ చూపించలేదు. ముప్పై ఎనిమిది మందిని ఎక్కించి, పేరు, చెప్పిన బరువు, తూగిన బరువు అంటూ నోటుపుస్తకంలో వరసగా రాశాడు. చివర తనూ ఎక్కాడు. తన బరువు ఎనభై అయిదని ఆయన నమ్మకం. కాటా కూడా అదే నమ్మింది. 'కాటా భేషుగ్గా ఉంది' అని రాసి సంతకం పెట్టేశాడు.

"ఇదంతా దేనికండీ?" అన్నాడు క్యాషియర్.

"హెడ్డాఫీసుకి పంపాలి" అన్నాడు తూకాలరావు, కలానికి మూత పెడుతూ.

అన్నది ఆ ఒక్క ముక్కే. కానీ ఆ మధ్యాహ్నమే హెడ్డాఫీసు నుంచి మేనేజరుకి ఉత్తరం వచ్చింది. అన్ని స్టేషన్లకన్నా మీ దగ్గర బయల్దేరే విమానాలే ఎక్కువ ఇంధనం తాగుతున్నాయి, చమురు ఈ ధరలో ఉండగా మేం భరించలేం, నెలాఖరుకల్లా పన్నెండు మందిని తగ్గించండి, పేర్లు పంపండి అని. టీ వేళకి ఆఫీసంతా గుప్పుమంది. పొద్దున బరువులు రాసుకున్నారు, మధ్యాహ్నం తగ్గించమన్నారు. రెండూ కలిపి చూసుకోవడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు.

మర్నాడు క్యాంటీన్‌లో ఈగలు తప్ప గిరాకీ లేదు. నాలుగో రోజుకి పిన్నిగారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడానికి సిద్ధంగా ఉంది. పాలు సగానికి తగ్గించింది, పాలవాడు మొహం మాడ్చుకున్నాడు. బన్నులు వద్దంది, బేకరీవాడు ఓ పనివాణ్ణి ఇంటికి పంపేశాడు. ఎక్కడో పీపా రేటు పెరిగితే ఇక్కడ బన్నులకి దిక్కులేకుండా పోయింది. మెట్లమీద మాత్రం ఒకటే రద్దీ. లిఫ్టు ఎక్కేవాడు లేడు.

తూకాలరావుకి మాత్రం తలాతోకా అర్థం కావడం లేదు. పదిహేడేళ్లలో ఎన్నడూ లేనిది జనం ఆయనకి లేచి కుర్చీ ఇస్తున్నారు. చివరికి క్యాషియర్ ఆయన్ని మూలకి లాక్కెళ్లాడు.

"గురూగారూ, మీ చేతిలో పని. నా పేరు దగ్గర ఓ నాలుగు కిలోలు తగ్గించి రాసుకోండి. మీ మేలు జన్మలో మర్చిపోను."

"ఎందుకయ్యా?"

"మీకు తెలీనట్టు! అందరికంటే లావున్న పన్నెండు మందిని తీసేస్తారంట కదా."

"ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా? బరువులన్నీ హెడ్డాఫీసుకి పంపాలని మీరే అన్నారుగా!"

 నిజమే, తూకాలరావు ఆ మాట అన్నాడు. అయితే ఆ సర్క్యులర్ ఇందుకా వచ్చింది! కాటా పరీక్ష పేరుతో తన చేతే తోటివాళ్ల బరువులు తూయించారన్నమాట! పుకారు పుట్టింది తన నోట్లోనే అన్న సంగతి ఆ మనిషికి తట్టనే లేదు. పరుగున వెళ్లి నోటుపుస్తకం తిరగేశాడు. లావు లెక్కన చూస్తే తనది మూడో స్థానం.

ఆ సాయంత్రం కంచం ముందు కూర్చుని నీళ్లు మాత్రం తాగాడు.

"ఏవండీ, ఒంట్లో బాగోలేదా? కూర బాగోలేదా? అదైనా చెప్పండి," అంది భార్య.

"ఆయిల్ రేటు పెరిగింది," అన్నాడు తూకాలరావు నీరసంగా.

"దానికి మీరు అన్నం మానేయడమేమిటండీ?"

"అక్కా, నీకు తెలీదు," అని సోఫాలోంచి లేచాడు బావమరిది. ఎవరూ అడగకపోయినా లేచే సందర్భాలు అతనికి ఇవే. "విమానంలో ప్రతి కిలో బరువుకీ ఇంధనం కాలుతుంది. అందుకే బరువు తగ్గించుకుంటున్నారు."

"మేమెవరం విమానం ఎక్కం కదరా?" అన్నాడు తూకాలరావు ఆశగా.

బావమరిది ఓ క్షణం తికమకపడ్డాడు. "ఎక్కకపోయినా... అంతా కలిపే లెక్క ఉంటుంది బావా," అని ఆయన పక్కనే కూర్చుని, బావగారి కంచం తనవైపు లాక్కున్నాడు.

అయిదో రోజు క్యాషియర్ మెట్లమీద కళ్లు తిరిగి పడ్డాడు. పక్క వీధిలో ఉన్న క్లినిక్‌కి మోసుకెళ్లారు. డాక్టరు అతన్ని తూకం మీద నిలబెట్టి "ఎనభై ఆరు" అన్నాడు. క్యాషియర్ అరిచిన అరుపుకి బయట బెంచీ మీదున్న రోగులు లేచి నిలబడ్డారు.

"పోయిన వారం డెబ్భై ఎనిమిదండీ! అయిదు రోజులు కడుపు మాడ్చుకుంటే ఎనిమిది కిలోలు పెరిగానా!"

సాయంత్రానికి సగం ఆఫీసు ఆ క్లినిక్ ముందే ఉంది. ఎక్కినవాళ్లంతా పెరిగారు. కౌంటరు అమ్మాయి అయిదు కిలోలు పెరిగి ఏడుపు మొదలుపెట్టింది. మీ తూకం దొంగదని డాక్టరుతో కొందరు పోట్లాడితే, ఆయన వేరే గదిలోంచి ఇంకో తూకం తెచ్చి పెట్టాడు. అందులోనూ అంతే. "నా క్యాంటీన్‌లో తినడం మానేస్తే ఇంతే మరి, గాలి కూడా ఒంటికి పట్టేస్తుంది," అంది పిన్నిగారు. ఆ మాట నమ్మి ఇద్దరు అక్కడికక్కడే బన్నులు చెప్పారు.

తూకాలరావు ఎక్కాడు. తొంభై మూడు. ఆకలితో ఉన్నా పదిహేడేళ్లు తూకాలతో బతికిన బుర్ర కదా, మెల్లిగా కదిలింది. క్యాషియర్ చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్లాడు.

"నా మీద ఒట్టు, నిజం చెప్పు. ఆవేళ నేనడిగినప్పుడు నీ అసలు బరువెంత?"

క్యాషియర్ నేల చూపులు చూశాడు. "ఎనభై ఏడనుకునేవాణ్ణి. కాటా డెబ్భై ఎనిమిదంటే నిజంగానే తగ్గాననుకున్నాను."

"మరి డెబ్భై ఎనిమిదన్నావే!"

"ఆడపిల్ల వెనకాల నిలబడి ఉంటే ఏం చెప్పమంటారు గురూగారూ?"

తూకాలరావు వేళ్ల మీద లెక్కేశాడు. క్యాషియర్ తొమ్మిది కిలోలు తగ్గించి చెప్పాడు. కాటా కూడా తొమ్మిది తగ్గించి చూపించింది. పిన్నిగారిదీ, కౌంటరు అమ్మాయిదీ అదే కథ. ఎవరి లావుకి తగ్గ అబద్ధం వాళ్లు ఆడారు, కాటా అందరి అబద్ధాలకీ తలూపింది. వంద కిలోలు పెడితే తొంభై చూపించే కాటా అది! అంటే రాళ్లు పోయినప్పటినుంచీ ప్రయాణికుల పెట్టెలన్నీ అసలు బరువు కన్నా తక్కువగా కాగితమ్మీదికెక్కాయి. విమానాలు కాగితంలో తేలిగ్గానూ, గాల్లో బరువుగానూ ఎగిరాయి. ఇంధనం ఎక్కువ తాగక ఏం చేస్తాయి? హెడ్డాఫీసు ఉత్తరం రావడానికి కారణం అదే. ఆ పన్నెండు ఉద్యోగాల మీదికి వచ్చిందీ అందుకే.

ఆ కాటా భేషుగ్గా ఉందని సంతకం పెట్టింది తనే.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్తే పన్నెండు మంది బతుకుతారు, తన ఉద్యోగం మాత్రం ఖాయంగా పోతుంది. చెప్పకపోతే పన్నెండు మంది పోతారు, వాళ్లలో తను ఉన్నా ఉండొచ్చు. మర్నాడు మేనేజరు గది గుమ్మం దాకా రెండుసార్లు వెళ్లి వెనక్కొచ్చాడు. భయం వేసింది, చాలా భయం వేసింది. మూడోసారి క్యాషియర్ ఇద్దరు పిల్లలూ సాయంత్రం తండ్రి కోసం గేటు దగ్గర నిలబడి ఉండటం కంటబడింది. తలుపు తోసేశాడు.

మేనేజరు ముందు ఓ తెల్లకాగితం ఉంది. ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు వేసి ఉన్నాయి, ఒక్క పేరూ లేదు. తూకాలరావు గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పేశాడు. అంతా విని మేనేజరు ఆ కాగితాన్ని పక్కకి నెట్టాడు.

"ఏడాదిగా కాటా ఇలాగే ఉందా?"

"రాళ్ల మనిషిని మానిపించినప్పట్నించీ అనుకుంటాను సార్."

"అతన్ని మానిపిస్తే ఖర్చు కలిసొస్తుందని హెడ్డాఫీసుకి సలహా రాసిందెవరు?"

"మీరే సార్."



"ముందా తలుపు వెయ్యవయ్యా," అన్నాడు మేనేజరు.

రెండో రోజుకల్లా పాత కాటా పోయి కొత్తది వచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు. ప్రయాణికులు మాత్రం మొన్నటి దాకా ఇరవై తూగిన పెట్టె ఇవాళ ఇరవై రెండెలా తూగుతుందని కౌంటరు దగ్గర లబోదిబోమన్నారు, ఎక్కువ బరువుకి డబ్బు కట్టలేక పెట్టెల్లోంచి సామాను తీసేశారు. ఆ నెలాఖరుకే ఇంధనం ఖర్చు ఇట్టే దిగింది. చమురు ధర నింగినంటుతుంటే ఈ ఒక్క స్టేషన్ ఎలా పొదుపు చేసిందో హెడ్డాఫీసుకి అంతుబట్టలేదు. పన్నెండు పేర్లూ అక్కర్లేదని ఉత్తరం రాసింది. క్యాంటీన్‌లో ఆ రోజు నిలబడటానికి చోటు లేదు. తూకాలరావు వరసగా మూడు బన్నులు తిని, కళ్లు తుడుచుకుని, నాలుగోది చెప్పాడు.

అంతటితో ఊరుకుంటే అది హెడ్డాఫీసు ఎందుకవుతుంది? ఇంతకీ ఏం చేశారో వివరంగా రాయండని అడిగింది. నిజం రాస్తే తన మెడకే చుట్టుకుంటుంది కనక మేనేజరు బాగా ఆలోచించి, ఇదంతా మా తూకం గుమస్తా కనిపెట్టిన పద్ధతి, ఆయన ప్రతిభ అని రాసి పారేశాడు. పది రోజుల్లో తూకాలరావుకి ప్రమోషను వచ్చింది. ఇంట్లో బావమరిది సోఫాలోంచి లేచి మరీ చెయ్యి కలిపాడు. భార్య గర్వంతో పొంగిపోయి ఆ ఉత్తరాన్ని మూడిళ్ల అవతలిదాకా తీసుకెళ్లి చూపించింది. రెండో పేజీ మాత్రం తూకాలరావు ఒక్కడే చదివాడు. మిగతా పదకొండు స్టేషన్లకీ ఆయనే వెళ్లాలి. ఒక్కోచోట నెల రోజుల్లో ఇంతే పొదుపు చూపించాలి. చూపించలేకపోతే అక్కడ తీసేయాల్సిన పన్నెండు మంది పేర్లూ ఆయనే రాసివ్వాలి, పదమూడోది తన పేరు రాసుకోవాలి.

మొదటి స్టేషన్‌లో దిగుతూనే ఎవరినీ పలకరించకుండా సరాసరి కాటా దగ్గరికి వెళ్లాడు. సంచిలోంచి ఇరవై కిలోల తూకం రాయి తీసి, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుని, దాని మీద పెట్టాడు. కాటా నిక్కచ్చిగా ఇరవై చూపించింది, పాపిష్టిది.