పాలపిట్ట గొంతు

ఆ రోజుకు రాఘవేందర్ వేసుకున్న పథకంలో దయ్యాలకు చోటు లేదు. పొద్దున్నే షాపు తెరిచి కంప్యూటర్లో పాలపిట్టను ఎక్కించాలి, ఇంటికి పోయి చెల్లెలు సుమనను తీసుకురావాలి, పదకొండింటికి ప్రిన్సిపాల్ లలితమ్మ వస్తే అది పనిచేసే తీరు చూపించాలి. అంతవరకే అనుకున్నాడు.

పాలపిట్ట అంటే కంప్యూటర్ను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూడవచ్చు, నచ్చినట్టు మార్చుకోవచ్చు. జీతం బత్తెం లేకుండా ఊరూరా ఉన్న ఔత్సాహికులు కలిసి తయారు చేశారు. వనపర్తి బస్టాండు ఎదురుగా ఇంటర్నెట్ సెంటర్ నడిపే రాఘవేందర్ కూడా దాని మెనూలకు తెలుగు మాటలు రాసిపెట్టాడు. రెండు వేల ఎనిమిదిలో, దసరాకు కాస్త ముందు, కొత్త విడుదల వచ్చింది. తెరమీద ఉన్నదాన్ని తెలుగులో చదివి వినిపించే గొంతు మొదటిసారిగా అందులో చేరింది. గొంతు ఇచ్చినావిడ తన పేరు వేయవద్దని కోరారని విడుదల ప్రకటనలో ఒక చిన్న మాట ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

రాఘవేందర్కు కావలసింది ఆ గొంతే. సుమనకు చిన్నప్పుడు తట్టు పోసి చూపు పోయింది. ఇంటర్ దాకా ఎవరో ఒకరు చదువుతుంటే విని పాసైంది. చదివేవాళ్లకు ఆవులింత వస్తే ఆమె పాఠం అక్కడికి ఆగిపోయేది. డిగ్రీలో చేర్చుకోమని అడిగితే లలితమ్మ కాదనలేదు, అవుననలేదు. "చదివి వినిపిచ్చేటోళ్లను మేమేడికెల్లి తేవాలె? కంప్యూటరే తెలుగు చదువుతదంటున్నవు గద, నాకు చూపియ్యి. మంచిగ చదివితే మా ల్యాబుల ఒకటి ఆమె కోసం పెడ్త" అంది. అన్నాచెల్లెళ్లు ఆ మాట మీదే ఆశలన్నీ పెట్టుకున్నారు.

పాలపిట్ట ఎక్కింది. వినాయక మండపం వాళ్లను అడిగి తెచ్చిన పెద్ద సౌండ్ బాక్సులు తగిలించాడు. ఎవరూ ఏమీ కొట్టకపోతే, వాడేవాళ్ల పేరు రెండుసార్లు, ఆపైన సంకేత పదం, అంటే పాస్వర్డ్, ఒకసారి, ఇలా అడుగుతూనే ఉండేలా అమర్చాడు. ఇక గొంతు విందామనుకునేసరికి కరెంటు పోయింది. ఈలోగా సుమనను తీసుకొద్దామని షట్టర్ కిందికి లాగి ఇంటికి బయల్దేరాడు.

పక్కన టీ హోటల్ వెంకటన్నది. అతను వాకిట్లో నీళ్లు చల్లుతుండగా కరెంటు వచ్చింది. మూసి ఉన్న షట్టర్ వెనక నుంచి ఒక ఆడ గొంతు పలికింది.

"మీ పేరు ఇవ్వండి."

వెంకటన్న చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. ఆ గొంతు అతనికి తెలుసు. వనపర్తిలో బస్సెక్కిన ప్రతివాడికీ తెలుసు. "కర్నూలు వెళ్లు ప్రయాణికులకు గమనిక" అంటూ ఇరవై ఏళ్లు ఆ బస్టాండు మైకులో వినిపించిన ప్రేమలత గొంతు అది. ఆమె ఫొటో వెంకటన్న హోటల్లోనే ఉంది. చిన్నయ్య దగ్గర హోటల్ కొన్నప్పుడు బెంచీలతో పాటు గోడమీది ఫొటోలు కూడా అతనికే వచ్చాయి. అటు ఆంజనేయస్వామి, ఇటు కాలంచేసిన చిన్నయ్య తండ్రి, నడుమ దండతో ఈమె. ఎవరని అడిగితే "మైకు ప్రేమలత" అన్నారు. దండ వేసి ఉన్న మనిషి గురించి అంతకంటే అడగడం మర్యాద కాదని ఊరుకున్నాడు. అప్పటినుంచి రోజూ ఫొటోలన్నిటికీ కలిపి ఒకే అగరుబత్తి తిప్పేవాడు. దసరాకు పొయ్యికీ, కెటిలుకూ, ఆమెకూ బొట్టు పెట్టేవాడు. టీ తాగేవాళ్లలో కొందరు ఆమె గుండెపోటుతో పోయిందనేవారు, కొందరు కాదు కామెర్లనేవారు.

"మీ పేరు ఇవ్వండి," అంది గొంతు మళ్లీ.

పెద్దలంటే వెంకటన్నకు భయమూ భక్తీ రెండూ ఎక్కువే. "వెంకటన్న," అన్నాడు మెల్లగా.

"సంకేత పదం ఇవ్వండి."

"నాకు తెల్వదమ్మా! నన్నిడిసిపెట్టు!"

గొంతు ఎప్పటిలాగే, తొందరేమీ లేదన్నట్టు, "మీ పేరు ఇవ్వండి" అంది. వెంకటన్న చెంబు అక్కడే పారేసి హోటల్లోకి పరుగెత్తాడు.

లోపల కురుమూర్తి టీ తాగుతున్నాడు. అతను ఒక దినపత్రికకు వనపర్తి విలేకరి. పాలపిట్ట విడుదల గురించి నాలుగు మంచి మాటలు రాయమని రాఘవేందరే అతన్ని పిలిచాడు. విషయం విని, నవ్వి, పోయి షట్టర్కు చెవి ఆనించాడు. లోపలి గొంతు సరిగ్గా చెవిలో చెప్పినట్టు పేరు అడిగింది. కురుమూర్తి నవ్వు ఆగిపోయింది. అయినా విలేకరి విలేకరే. పత్రికలో వార్త రేపు వస్తుంది, బ్లాగులో అయితే ఇప్పుడే వస్తుంది. అతనికి 'పాలమూరు ముచ్చట' అని ఒక బ్లాగుంది.

రాఘవేందర్ చెల్లెలితో వచ్చి షట్టర్ లేపగానే కురుమూర్తి మూల కంప్యూటర్ దగ్గరికి పోయాడు. "జర ఒక ముక్క కొట్టుకుంట అన్నా," అన్నాడు. పాలపిట్ట గురించే రాస్తున్నాడని రాఘవేందర్ సంబరపడ్డాడు. అందులో అబద్ధమేమీ లేదు.

అప్పుడే బాక్సుల్లోంచి గొంతు వచ్చింది. రాఘవేందర్ బాక్సుల వైర్లు ఒకసారి పట్టి చూశాడు. అతను కూడా ఆ ఫొటో కింద కూర్చుని టీ తాగేవాడే.

"అన్నా, బస్టాండు ఆమె గద!" అంది సుమన, ముఖమంతా వెలిగిపోతూ. "ఎంత మంచిగున్నది!"

"గట్లనే ఉన్నది," అన్నాడు రాఘవేందర్. ఆమె చచ్చిపోయిందని చెల్లెలికి చెప్పడానికి నోరు రాలేదు. పాత టేపులేవో దొరికి ఉంటాయని తనకు తానే చెప్పుకున్నాడు.

లలితమ్మ అన్న వేళకే వచ్చింది. సుమన తానే మీటలు నొక్కి పాలపిట్ట వెబ్సైటు తెరిచింది. పత్రికలూ బ్లాగులూ కొత్త విడుదల గురించి ఏమంటున్నాయో అందులో ఒక పేజీ ఉంది. ఎవరి బ్లాగులోనైనా పాలపిట్ట పేరు కనబడితే చాలు, ఆ రాత దానంతటదే వచ్చి ఆ పేజీలో చేరేది. గొంతు వరసగా చదవసాగింది. ఉచితంగా ఇచ్చినదానికి వంకలు పెట్టలేమని ఒక ఇంగ్లీషు పత్రిక అందట. అక్షరాలు ముచ్చటగా ఉన్నాయని హైదరాబాదు బ్లాగరు రాశాడు. ఈ గొంతు వింటుంటే ఎందుకో సంచి తీసుకుని లేవాలనిపిస్తోందని బెంగుళూరులో ఉన్న ఇంకొకతను రాశాడు.

"ఫర్వాలేదే," అంది లలితమ్మ. "స్పష్టంగ చదువుతున్నది."

సుమన చెయ్యి అన్న చెయ్యిని వెతికి పట్టుకుంది. గొంతు తర్వాతి దానికి వచ్చింది.

"వనపర్తిలో పాలపిట్ట కలకలం. బస్టాండులో అనౌన్సర్గా పనిచేసి మరణించిన ప్రేమలత ఆత్మ కంప్యూటర్లో ప్రవేశించింది. మూసి ఉన్న షట్టర్ వెనక నుంచి దారిన పోయేవారి పేర్లు అడుగుతోంది. పేరు చెప్పిన ఒక హోటల్ యజమాని పరిస్థితి ఆందోళనకరం."

ప్రేమలత మరణించిందని ప్రేమలత గొంతే చెబుతోంది. ఆ గొంతులో బాధ లేదు, కోపం లేదు. బస్సు ఆలస్యమైందని చెప్పినట్టు చెప్పింది. గుమ్మంలో టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ వెంకటన్న, తన పరిస్థితి ఆందోళనకరమని విని అక్కడే కూలబడ్డాడు. గ్లాసులు పగిలాయి. మూల కూర్చున్న కురుమూర్తి తెర చాటున ముఖం దాచుకున్నాడు.

గొంతు ఆగలేదు. అప్పుడే వచ్చిన స్పందనలు కూడా చదివింది. "నన్ను కూడా అడిగింది," అని ఎవరో రాశారు. "నేను పేరిచ్చాను, ఇప్పుడేం చెయ్యాలి?" అని ఇంకెవరో అడిగారు.

లలితమ్మ లేచి నిలబడింది. "రాఘవేందర్, ఇదేంది? మా ల్యాబుల ఆడపిల్లలుంటరు. దయ్యాన్ని తెచ్చి పెడితే తల్లిదండ్రులు ఊకుంటరా?"

"దయ్యం గాదు మేడం, అది..." అన్నాడు రాఘవేందర్. అది ఏమిటో అతనికీ తెలియదు.

సుమన మీటల మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. అది చూడలేకపోయాడు రాఘవేందర్. లోకంలో ఇంతమంది పేర్లు అడిగే ఈ గొంతుకు అడ్డుపడడానికి తన చెల్లెలి చదువే దొరికిందా అని ఏడుపొచ్చింది.

అప్పుడు వెంకటన్నే దారి చూపాడు. "ఆమె ఏమో అడగనీకె వచ్చింది మేడం. దీపం పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పొమ్మని దండం పెడితే పోతది. రాహుకాలం పోయినంక చేద్దాం." పోయిందని తన కళ్లతో చూస్తే అప్పుడు ఆలోచిస్తానంది లలితమ్మ. రాఘవేందర్ ఒప్పుకున్నాడు. చెల్లెలికి సీటు వస్తుందంటే అతను ఆ రోజు మేకపోతును కోయడానికైనా సిద్ధమే.

మధ్యాహ్నానికి బస్టాండు సగం షాపు ముందే ఉంది. వెంకటన్న గోడమీది ఫొటో తెచ్చి కీబోర్డు పక్కన నిలబెట్టి తాజాగా బొట్టు పెట్టాడు. అగరుబత్తుల పొగతో లోపలంతా మసకేసింది. అంతలో కరెంటు పోయింది. పాలపిట్ట తెర ఒక్కటే యూపీఎస్ మీద నీలంగా వెలుగుతోంది. గొంతు బందు పెట్టినా ఎవరికీ నమ్మకం లేదు. వెంకటన్న కొబ్బరికాయ ఎత్తాడు.

"నా ఫొటోకు బొట్టు ఎవరు పెట్టిండ్రు?"

అందరి కళ్లూ తెరమీదే. వెంకటన్న కాయ దించి చేతులు జోడించాడు.

"నేనే అమ్మా. దినాం అగరుబత్తి గూడ పెడ్త."

"తుడువు."

"తుడుస్తనమ్మా." తుండుగుడ్డతో గబగబా తుడిచాడు. ఆ తొందరలో ఫొటో బోర్లా పడింది.

"పుట్టినకాడికెల్లి చర్చికి పోయేదాన్ని. నాకు బొట్టేంది? రాసినోడు ఏడి?"

కురుమూర్తి ఏడుపు గొంతుతో, "తప్పయింది తల్లీ," అన్నాడు కంప్యూటర్తో.

"దాంతోని కాదు, నాతోని చెప్పు. ఇటు తిరుగుండ్రి!"

తిరిగారు. గుమ్మంలో, పొగలో, వెనక ఎండతో, ఫొటోలో ఉన్న మనిషి నిలబడి ఉంది. వెంట్రుకలు మాత్రం ఇంకాస్త నెరిశాయి. గుమ్మం ఒక్కటే, అందులో ఆమె ఉంది. అయినా మొత్తం జనం ఎలా బయటపడ్డారో ఎవరూ చెప్పలేరు. లలితమ్మ చెప్పు ఒకటి లోపలే ఉండిపోయింది. రాఘవేందర్ చెల్లెల్ని వదిలి పోలేక బల్లకింద దూరాడు. కురుమూర్తి మూల కంప్యూటర్ వెనక నక్కాడు.

సుమన ఒక్కతే కదలకుండా కూర్చుంది. ఆ ఫొటోను ఎన్నడూ చూడనిది ఆమె ఒక్కతే. మొదటి మాటకే ముఖం గుమ్మం వైపు తిప్పింది కూడా.

"నిలబడే ఉన్నరా అమ్మా? కూసోండ్రి," అంది. "ఏ ఊరికెల్లి వచ్చిండ్రు?"

"అమరచింత కెల్లి బిడ్డా," అంది ప్రేమలత. కుర్చీలో కూలబడి నీళ్లడిగింది. దయ్యాలు నీళ్లడగవని వెంకటన్నకు తోచి, గుమ్మం దగ్గరికి వచ్చి తొంగిచూశాడు.

ఆమె చెప్పుకొచ్చింది. ఫొటోలోని దండ, కొలువు దిగిపోయిననాడు చిన్నయ్య అభిమానంతో ఆమె మెడలో వేసింది. ఆ తర్వాత మొగుడు ఏసురత్నంతో కలిసి అమరచింతలో ఉంటోంది. షుగర్ వల్ల ఆయనకు కళ్లు పోయాయి. రోజూ ఆమే పేపరు చదివి వినిపించేది. "నేను ముందుగాల పోతే ఆయనకు ఎవరు సదువుతరని, అడిగినోళ్లకు గొంతు ఇచ్చిన. ఇయ్యాల పొద్దుగాల నేను కూరగాయలకు పోయిన. ఆయన కంప్యూటర్ పెట్టుకొని, నా గొంతు గురించి ఎవరేం రాసిండ్రో వింటుండె. నేను సచ్చిపోయిన అని నా గొంతే ఆయనకు చెప్పింది."

బల్లకింద నుంచి రాఘవేందర్ మెల్లగా బయటికొచ్చాడు.

"వచ్చి సూస్తే వాకిట్ల అంత మంది ఏడుస్తుండ్రు. నేను బతికే ఉన్న అంటే, ఆ కంప్యూటర్ బంద్ చెయ్యుండ్రి అంటుండు ఆయన! చెయ్యి పట్టుకుంటే సల్లగున్నదని ఇంక ఏడ్సిండు. కూరగాయలు కడిగిన చెయ్యి సల్లగుండక ఎట్లుంటది?" ఆమె కురుమూర్తి వైపు తిరిగింది. "ఓ పేపరాయనా, నన్ను సంపినోనివి నువ్వే. నువ్వే బతికియ్యి. రాసిందే నమ్ముతడాయన."

కరెంటు రాగానే కురుమూర్తి కీబోర్డు దగ్గరికి పోయాడు. 'మరణించిన ప్రేమలత వనపర్తిలో ప్రత్యక్షం' అని శీర్షిక పైకి చదువుతూ కొట్టాడు. సుమన వినిపించుకుని, "అట్ల రాస్తే మళ్ల దయ్యమే అంటరు," అంది. మూడుసార్లు మార్పించి, 'ప్రేమలత బతికే ఉన్నారు, వార్త తప్పు' అని పెట్టించింది. విలేకరిగా అతను రాసిన మొదటి సవరణ అదే.

"మీ పేరెందుకు వెయ్యొద్దన్నరమ్మా?" అని అడిగింది సుమన. "వేసుంటే ఈ పరేషాన్ ఉండకపోవు."

"ఇరవై ఏండ్లు ఊళ్ల పేర్లు చెప్పిన బిడ్డా. మైకుల నా పేరు ఎన్నడన్న చెప్పిన్నా?"

లలితమ్మ ఒక చెప్పుతో గుమ్మంలోకి వచ్చింది. రెండోది వెతుక్కుంటూ, తల ఎత్తకుండానే, ల్యాబులో ఒక కంప్యూటర్ పెడతానంది. "కాని సుమన కాలేజీకి వచ్చే మొదటి దినం ప్రేమలతమ్మ వచ్చి పిల్లల ముందట నిలబడాలె. నడిచి సూపిస్తే ఇంక మంచిది." సుమన నవ్వింది. రాఘవేందర్కు ఆ నవ్వు చూశాక గానీ తన మోకాళ్లకున్న దుమ్ము కనబడలేదు. వెంకటన్న మాత్రం ఇన్నాళ్లు పూజ చేసిన ఫొటో దించితే అరిష్టమన్నాడు. దాన్ని స్వామి పక్కనుంచి తీసి గల్లాపెట్టె మీదికి మార్చేలా రాజీ కుదిరింది.

దీపాలు పెట్టే వేళకు ప్రేమలత అమరచింత చేరింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. కురుమూర్తి కొత్త రాతను కంప్యూటర్ అప్పటికే చదివేసినట్టుంది, తెర వెలుగుతోంది. ఏసురత్నం అరుగు మీద, తల ఒక పక్కకు వంచి, అడుగుల చప్పుడు వింటున్నాడు. పొద్దంతా ఒకే గొంతు అతన్ని ఒకసారి ఏడిపించి, ఒకసారి ఓదార్చింది. ఏ గొంతును నమ్మాలో అతనికి తెలియదు.

"నేనే," అంది ప్రేమలత.

అతను ముఖం కంప్యూటర్ వైపు తిప్పి, మళ్లీ ఆమె వైపు తిప్పాడు. చీకట్లో ఆమెకు మొదటిసారి భయం వేసింది.

"మీ పేరు ఇవ్వండి," అన్నాడు ఏసురత్నం.

ఆమెకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. గొంతు సవరించుకుని, మైకు ముందు నిలబడినట్టే నిలబడి, "ప్రేమలత" అని స్పష్టంగా చెప్పింది.

ఏసురత్నం కాసేపు ఆలోచించి, సంకేత పదం అడిగాడు.